ఈరవ్వ మీదికెల్లి దిగిన ఇల్లు

ఈరవ్వ నోరు మంచిది కాదని ఊరంత అంటుండె. నోరు పాడుగాను, చేతులు మాత్రం మంచియని అత్త సాలవ్వ ఒక్కతే అంటుండె, అదిగూడ కోడలు ఇననప్పుడు.

ఆ ఏడు ఈరవ్వ నోటికి మస్తు పని దొరికింది. పోచారం చెరువు కట్టి పదిహేనేండ్లు అయితున్న కాలం. నాగిరెడ్డిపేట దిక్కు ఊర్లల్ల వరి పండి జనం జర కడుపునిండ తింటున్నరో లేదో, పిలేగు వచ్చి పడ్డది. కామారెడ్డి రేలుబండ్ల వచ్చిందని కొందరన్నరు, పోచమ్మకు కోపమొచ్చిందని కొందరన్నరు. ఎట్లొస్తేంది! ముందుగాల ఇండ్లల్ల ఎలుకలు గిరగిర తిరిగి పడి సచ్చినయ్. ఎనుకంగ మనుషులకు జరమొచ్చి చంకల్ల, గజ్జల్ల గడ్డలు లేచినయ్. గడ్డ లేచినోళ్లు నాలుగైదు దినాలకంటె ఎక్కువ ఉంటలేరు.

ఊరంత ఇండ్లు ఇడిశిపెట్టి చెల్కల్ల గుడిసెలేసుకున్నది. ఊరోళ్లు తూర్పుకు, ఊరు ముట్టని వాడోళ్లు పడమటికి. సావు ముంగటికొచ్చినా ఆ లెక్క మాత్రం తప్పలే. కట్టుబాటు ఒక్కటే అందరికి: గడ్డ లేచిన మనిషిని గుడిసెల కాడికి తేవద్దు. రోగమున్న ఇంట్లకు పోయినోళ్లు పది దినాలు గుడిసెల మొకం చూడొద్దు.

ఈరవ్వ మొగడు అబ్రాహాము ఆ వాడోడే, పెంకలు కప్పే మనిషి. వాళ్లు బాప్తిస్మం తీసుకొని రెండేండ్లయింది. ఎల్లారెడ్డికెల్లి సంఘం పంతులు ఆదివారం ఆదివారం నడిశొచ్చి ముచ్చట్లు చెప్తుండె. యేసుసామి ఉన్న ఇల్లు జనంతోని కిక్కిరిశి ఉంటే, నలుగురు మనుషులు ఇంటిమీదికెక్కి, కప్పు విప్పి, లేవలేని మనిషిని పడకతోని సహా సామి ముంగటికి దింపిండ్రని ఒకపారి చెప్పిండు. అందరు నోళ్లు తెరుసుకొని ఇన్నరు. అబ్రాహాము లేచి, "పంతులూ, మల్ల ఆ కప్పు ఎవరు కప్పిండ్రు?" అని అడిగిండు. పంతులు నవ్విండు. నలుగుర్ల ఇజ్జత్ తీసినవని ఈరవ్వ ఇంటికొచ్చేదాంక మొగణ్ని తిట్టింది.

ఇండ్లల్ల ఎండ పడితె రోగం పోతదని తాసిల్ కెల్లి హుకుమొచ్చింది. ఖాళీ ఇండ్ల పెంకలు విప్పే పని అబ్రాహాము మీద పడ్డది. పొద్దుగాల పోవుడు, ఇంటి మీదనే పని చేసుడు, లోపల కాలు పెట్టకుండ తిరిగొచ్చుడు. గట్ల నాలుగు దినాలు నడిచింది. అయిదోనాడు పొద్దు బారెడెక్కకముందే ఉరుకొచ్చి, గుడిసెకు దూరంగ నిలబడి రొప్పుతున్నడు.

"మంగవ్వ బతికే ఉన్నదే," అన్నడు.

మంగవ్వంటె ఊర్లె పెద్ద కాపింటి ముసలామె. మొగడు పోయి చాన ఏండ్లాయె. రాజయ్య, భూమయ్య అని ఇద్దరు కొడుకులు. ఆమెకు గడ్డ లేచిన నాడే కొడుకులు ఇంటికి తాళమేసి, పిల్లలను తీసుకొని తూర్పు గుడిసెలకు పోయిండ్రని అందరికి తెలుసు. పెద్దకొడుకు రాజయ్య రోజు పొద్దుగాల గల్లీల నిలబడి "అవ్వా" అని కేకేస్తడు. ఆమె లోపలికెల్లి అన్నం తినే కంచు తలె కొడుతది. నిన్న తలె మోగలే. ఇగ పోయిందనుకొని కొడుకులు కట్టెలకు మనుషులను పంపిండ్రు.

"పోయిందన్నరు గదాని ఆ ఇంటి పెంకలు తీస్తుంటె మూలుగు ఇనవడ్డది," అన్నడు అబ్రాహాము. "కింద పడి ఉన్నది. కదులుతున్నది."

"అయితె పోయి కొడుకులకు చెప్పు!"

"చెప్తె పెద్దమనుషులు పోనిస్తరా? కూసోని, మాట్లాడి, తేల్చేటాల్లకు ముసలామె పాణం పోతది."

"మరి నువ్వు దిగరాదు?"

"ఆడమనిషి. ఒళ్లు కడగాలె, గడ్డకు కట్టు కట్టాలె. నేనెట్ల చేస్తనే?" అబ్రాహాము నేల దిక్కు చూసిండు. "నిన్ను దింపుత."

ఓరి దేవుడో! అప్పుడు లేచింది ఈరవ్వ నోరు. "నన్ను దింపుతవా? బొందల దింపు, అయిపోతది! నీకు మతి ఉన్నదా? మూడేండ్ల పిల్ల ఉన్నది, శాంతవ్వ! పది దినాలు దాన్ని ఎవరు చూస్తరు? పదకొండో దినం నేనుంటనా? ఎవరికోసం, ఆ మంగవ్వ కోసం! మనం బాప్తిస్మం తీసుకున్ననాడు ఏమన్నది? 'దేవుణ్ని మార్చిండ్రట, ఇగ నెత్తిరాత గూడ మార్చుకుంటరేమో' అని కళ్లంల నలుగుర్ల నిలబడి నవ్వలేదా? కన్నకొడుకులే తాళమేసి పోయిండ్రు, నడుమ నేనెవ్వతినయ్యా?"

అబ్రాహాము అంత ఇని, "నీళ్లు అడుగుతున్నదే," అన్నడు.

ఈరవ్వ నోరు ఆగిపోయింది. లోపలికెల్లి సాలవ్వ శాంతవ్వను సంకనేసుకొని వచ్చింది. "పో బిడ్డా," అన్నది. "పిల్లను నేను చూసుకుంట. నువ్వు తిట్టుకుంటనన్న పో, గని పో." ఈరవ్వ పిల్ల దిక్కు చూస్తె కాళ్లు కదలవని చూడలే. కొంగు నడుముకు బిగిచ్చి, మొగని ఎనుక తిట్టుకుంట, ఏడ్సుకుంట నడిచింది.

మంగవ్వ ఇంటి మీదికెక్కినంక అబ్రాహాము బావి మోట తాడు పెండ్లాం నడుముకు కట్టిండు. రెండు వాసాల నడుమ పెంకలన్ని తీసి మనిషి పట్టే సందు చేసిండు. ఈరవ్వ కాళ్లు లోపలికేసి, వాసం పట్టుకొని, మొగని మొకం చూసింది. "ఆ ముచ్చట్ల లేవలేనోణ్ని దేవుని కాడికి దింపిండ్రు. నువ్వు గట్టిగున్న పెండ్లాన్ని రోగం కాడికి దింపుతున్నవ్. మస్తుగ నేర్సుకున్నవ్ పో!" అన్నది. అబ్రాహాము తాడు చేతికి ఇంకో చుట్టు చుట్టుకొని మెల్లగ దింపిండు.

కాళ్లు నేలకు ఆనినయ్. ఇన్నేండ్లు ఆ ఇంటి చేన్ల నాటేసింది, కలుపు తీసింది, ఆ ఇంటి వాకిట్ల చాట పట్టుకొని నిలబడ్డది. లోపలెట్లుంటదో ఎన్నడు చూడలే. వెండి బంగారం తళతళ మెరుస్తదనుకున్నది. మెరుసుడు లేదు, ఏం లేదు. పొగచూరిన గోడలు, వడ్ల గుమ్ములు, మూలకు నీళ్ల గోలెం. తన ఇల్లే, జర పెద్దగ ఉన్నదంతే. మీద తీసిన సందుల కెల్లి ఎండ నిటారుగ దిగి సక్కగ ముసలామె మీద పడుతున్నది. ఎన్నడు ఎండ ఎరగని ఆ అర్రల ఆ వెలుగు చూస్తె ఈరవ్వకు ఒళ్లు జల్లుమన్నది. కొద్దిసేపు ఎందుకొచ్చిందో గూడ మరిచింది.

"ఎవలు?" అన్నది మంగవ్వ.

ఈరవ్వ ముంతల నీళ్లు ముంచి పక్కన కూసున్నది. "వాడల ఈరవ్వను. అబ్రాహాము పెండ్లాన్ని. నా చేతి నీళ్లు తాగుతవా, తాగవా, ఇప్పుడే చెప్పు అవ్వా. మా ఆయన తాడింక పైకి గుంజలే."

ముసలామె చాన సేపు చూసింది, మీది వెలుగు దిక్కు ఒకపారి, ఈరవ్వ దిక్కు ఒకపారి. అటెనుక నోరు తెరిచింది. ముంతెడు నీళ్లు ఆగకుండ తాగింది.

ఆ దినమంత ఈరవ్వ చేతులు ఆగలే. ఒళ్లు కడిగింది, బట్ట మార్చింది, వాసన కొడుతున్న గుడ్డలన్ని కాలబెట్టింది. అవిసె గింజలు నూరి, ఉడికేసి, గోరువెచ్చగ గడ్డకు కట్టింది. పొద్దుమాపు అబ్రాహాము తాడుకు కట్టి జొన్న అంబలి, యాపాకు దింపుతున్నడు. తాను గూడ గుడిసెలకు పోకుండ ఇంటి ఎనుక దొడ్లెనే ఉండిపోయిండు.

మర్నాడు పొద్దుగాల గల్లీల కెల్లి కేక ఇనవడ్డది. "అవ్వా! ఓ అవ్వా!" రాజయ్య. పోయిందనుకొని గూడ మనసొప్పక మల్లొచ్చిండు.

మంగవ్వ కళ్లు తెరిచి తలె దిక్కు చెయ్యి జాపింది. అందలే. "కొట్టు," అన్నట్టు సైగ చేసింది.

ఈరవ్వకు మండింది. "కొట్టాల్నా? తల్లిని తాళమేసి పోయిన కొడుక్కు తలె ఒకటి తక్కువైందా? ఉండు, నేను చెప్త వానికి!" అని దబదబ దర్వాజ కాడికి పోయింది, తలుపు సందుల కెల్లి నాలుగు తిట్లు తిట్టాల్నని.

పోయి అక్కడనే నిలబడ్డది. గొళ్లెం లోపలికెల్లి పెట్టి ఉన్నది. తలుపుకు ఆనించి ఇసుర్రాయి పెట్టి ఉన్నది. అర్రకెల్లి దర్వాజ దాంక ఆ రాయిని ఈడ్సినట్టు మట్టి నేల మీద చార ఉన్నది. ఊరంత అనుకున్నట్టు బయటికెల్లి తాళమేస్తె, లోపలి గొళ్లెం ఎవరు పెడుతరు?

ఎనుకకొచ్చి ముసలామె కాడ కూలబడ్డది. "అవ్వా, గొళ్లెం..."

"నేనే పెట్టుకున్న," అన్నది మంగవ్వ. మాట మాటకు ఊపిరి తీసుకుంటున్నది. "మా రాజిగాడు... నన్ను ఇడిశిపోను అన్నడు. వానికి నలుగురు పిల్లలు. లోపలికొస్తె బాయిల పడి సస్తనన్న. అయినా తలుపు పగలగొడుతడేమోనని రాయి ఆనిచ్చిన. తాళమేసిండ్రని... ఊరు వాన్ని తిడుతున్నదా?"

"తిడుతున్నది," అన్నది ఈరవ్వ. "అందరికంటె ఎక్కువ నేనే తిట్టిన."

ఒకరికోసం ఒకరు పాణం పెట్టుడే ప్రేమని సంఘం పంతులు రెండేండ్లు గొంతు పోయేటట్టు చెప్పిండు. ఇంటుంటె మంచిగనే ఉండె, ఇంటికొచ్చినంక మరుపొస్తుండె. ఈ ముసలామెకు ఎవరు చెప్పిండ్రు? ఏ ఆదివారం చెప్పిండ్రు? ఒళ్లు కాలిపోతుంటె, సచ్చేటట్టున్న మనిషి, ఒక్కతే, చీకట్ల ఆ రాయిని ఈడ్సుకుంట పోయింది! తానేమో ఈ ఇంట్లకు దేవుణ్ని తెచ్చిననుకున్నది. దేవుడు తనకంటె ముందుగాలనే వచ్చి ఈడ కూసున్నడు. ఈరవ్వకు భయమేసింది, దండం పెట్టాలనిపిచ్చింది, ఏడుపొచ్చింది. మూడు ఒక్కపారే వచ్చినయ్.

లేచి తలె తీసుకొని కొట్టింది. చెవులు గింగుర్లెత్తేటట్టు కొట్టింది. గల్లీల రాజయ్య "మా అవ్వున్నది, మా అవ్వున్నది" అని చిన్నపోరని లెక్క ఏడ్సిండు.

నాలుగోనాడు గడ్డ పగిలింది. జరం దిగింది. అయిదోనాడు మంగవ్వ లేచి గోడకు ఆనుకొని కూసొని, "అంబలి ఉత్తగనే తాగిపిస్తున్నవేందే, ఉల్లిగడ్డ లేదా?" అన్నది. ఇగ ఈమె సావదని ఈరవ్వకు నమ్మకమొచ్చింది. ఇద్దరు నవ్వుకున్నరు.

ఆరోనాడు పొద్దుగాల ఈరవ్వ లేవలే.

ఒళ్లు సలసల కాగుతున్నది. ఇంటి మీదికెల్లి అబ్రాహాము పిలిస్తె పలుకలే. మంగవ్వ నుదురు ముట్టి చూసి తలెత్తి, "జరమొచ్చిందిరా," అన్నది. అబ్రాహాము వాసం పట్టుకొని, "నేనే దింపిన, నా చేతులతోనే దింపిన," అని నెత్తి కొట్టుకున్నడు.

ఈరవ్వకు తెలివి ఉన్నది, మాట తక్కువున్నది. "అవ్వా, నువ్వు పో," అన్నది. "నీకు మంచిగైంది. తలుపు తీసుకొని పో. నా బిడ్డను... శాంతవ్వను జర..."

"మాట్లాడకు," అన్నది మంగవ్వ. గోడ పట్టుకొని లేచి, తడబడుకుంట గోలెం కాడికి పోయి, తన చెంబుల నీళ్లు ముంచుకొచ్చింది. కింద కూసోని ఈరవ్వ తలకాయ తన తొడ మీద పెట్టుకున్నది. "మీ సామిని పిలుసుకో. నాకు మీ సామిని పిలుసుడు రాదు, నేను మా పోచమ్మను పిలుస్త. ఎవలకు తీరికుంటె వాళ్లొస్తరు. తాగు."

ఈరవ్వ బతికింది. మూడు దినాలు జరం కాసి, గడ్డ లేవకుండనే దిగింది. లేకుంటె ఈ ముచ్చట లోకానికి ఎట్ల తెలుస్తది? గని ఆ మొదటి దినం ఎవరికేం తెలుసు! పొద్దెక్కినంక, అవ్వకు మంచిగైందని ముందటి దినం అబ్రాహాము గల్లీల రాజయ్యకు దూరంకెల్లి చెప్పిన సంగతి పట్టుకొని కొడుకులిద్దరు గుడిసెల కెల్లి ఉరుకొచ్చిండ్రు. ఎనుక ఊరోళ్లు పదిమంది ఉన్నరు. గల్లీ అంత లొల్లి.

"అవ్వా! తలుపు తియ్యే! పెద్దమనుషులు ఒప్పుకున్నరు, నీకు ఎడంగ కొత్త గుడిసె ఏసినం!" అని రాజయ్య దర్వాజ కొట్టిండు.

"తియ్య," అన్నది లోపలికెల్లి మంగవ్వ.

"ఎందుకే? పాణం మంచిగైందట గద!"

"నాకు మంచిగైంది. నా బిడ్డకు జరమున్నది. తగ్గేదాంక ఎటు రాను. పోండ్రి, పిల్లల దగ్గర ఉండుండ్రి."

రాజయ్య తమ్ముని దిక్కు చూసిండు. జరంతోని అవ్వకు మతి తప్పిందేమో అనుకున్నడు. మెల్లగ, చిన్నపిల్లకు చెప్పినట్టు అడిగిండు. "బిడ్డేందే అవ్వా? మనింట్ల ఆడబిడ్డ ఎవరున్నరే?"

ఈరవ్వ కళ్లు తెరిచింది. ఏ జవాబొస్తదో ఆమెకు గూడ తెల్వదు.

"మొన్నటిదాంక లేకుండె," అన్నది మంగవ్వ. "ఇప్పుడున్నది."