జకార్తాలో కార్న్‌ఫ్లేక్స్ ధర

"సాయంత్రం ఐదింటిలోగా నాకు ఒక్క పేరు కావాలి," అన్నాడు టెక్సస్ నుంచి వచ్చిన మలిన్స్. "ఆ ఒక్కరు పోతారు. మిగిలినవాళ్ళ ఉద్యోగాలూ ఉంటాయి, మా కాంట్రాక్టూ ఉంటుంది. పేరు రాకపోతే, ధరలు రాసుకొచ్చిన మనిషి పోతాడు."

ధరలు రాసుకొచ్చిన మనిషి దామోదర్. అతని వీసా ఈ ఉద్యోగం మీద ఆధారపడి ఉంది. ఉద్యోగం పోతే దేశం వదలాలి.

అతను బల్ల మీద ఉన్న కార్న్‌ఫ్లేక్స్ డబ్బా వంక చూశాడు. మలిన్స్ దాన్ని జకార్తాలో కొని, న్యూజెర్సీ దాకా సాక్ష్యంగా మోసుకొచ్చాడు. దారిలో సగం సాక్ష్యం తినేశాడు.

న్యూజెర్సీ పిస్కాటవేలో దామోదర్ పనిచేసే ఆ ఆఫీసు చేసేది ఒకటే పని. అమెరికన్ కంపెనీలు తమ ఉద్యోగుల్ని విదేశాలకు పంపితే, అక్కడ బతకడానికి జీతం మీద ఎంత అలవెన్సు ఇవ్వాలో లెక్కగట్టి చెప్పడం. అందుకు ఏడాదికొకసారి ఇక్కడి నుంచి ఎవరో ఒకరు వెళ్ళి, ఆ ఊళ్ళో అమెరికన్లు సరుకులు కొనే షాపులో ధరలు చూసి వస్తారు. ఎప్పుడు వెళ్తున్నదీ రహస్యం. ముందే తెలిస్తే అక్కడి కుటుంబాలు చేతులు ముడుచుకుని కూర్చోవు. ధర ఎంత ఎక్కువుంటే వాళ్ళకు అంత మంచిది.

ఆ సంవత్సరం, అంటే 1983లో, జకార్తాకి దామోదర్ వెళ్ళాడు. అతను షాపులో అడుగుపెట్టిన మంగళవారం కార్న్‌ఫ్లేక్స్ బంగారం ధర పలికాయి. సబ్బులూ అంతే. అతను నిజాయితీగా రాసుకున్నాడు. మలిన్స్ పనిచేసే ఆయిల్ కంపెనీ, జకార్తాలోని తన ఉద్యోగులందరికీ అలవెన్సు పెంచింది. తర్వాత మలిన్స్ వేరే పని మీద అక్కడికి వెళ్ళి, అదే షాపులో అదే డబ్బా మూడో వంతు ధరకు కొన్నాడు. షాపువాణ్ణి నిలదీస్తే, అక్కడి కంపెనీ కుటుంబాల లేడీస్ క్లబ్ వాళ్ళు అడిగితే ఆ ఒక్క రోజుకి లేబుళ్ళు మార్చానన్నాడు. వాళ్ళకు ఆ రోజు ఎలా తెలిసిందో మాత్రం అతనికి తెలియదు.

మలిన్స్ కాఫీకి వెళ్ళాక, బాస్ హ్యారిగన్ తలుపు వేశాడు.

"తేదీ తెలిసింది ముగ్గురికి. నాకు, నీకు, టికెట్ బుక్ చేసిన దేవకుమారికి. నేను కాదు. నువ్వు కాదంటున్నావు."

"నేను కాదు సర్."

"అయితే లెక్క తేలిపోయింది కదా, డామ్. ఐదింటికి ఆ పేరు నువ్వే చెప్పు. నీ నోటి నుంచి వస్తే బావుంటుంది. మీరిద్దరూ ఒకే భాషవాళ్ళు."

దామోదర్ తిన్నగా దేవకుమారి దగ్గరికి వెళ్ళాడు. ఆమె టైపు చేస్తున్నది ఆపలేదు.

"మీ జకార్తా గురించి నేనెవరికి చెప్తానండీ? మా చర్చిలో చెప్పాననుకున్నారా? మావాళ్ళకి ఎడిసన్ ఊరు దాటితే దారి తెలీదు."

"తప్పుగా అనుకోకండి. అడగాలి కాబట్టి అడిగాను."

"నన్నడిగారు సరే. ఇంట్లో అడిగారా? మీరు మనీలా వెళ్ళినప్పుడు వసుమతి గారు మా పాస్టరమ్మగారికి ఫోన్ చేసి, అక్కడ తెలుగువాళ్ళెవరన్నా ఉన్నారా అని కనుక్కున్నారు."

దామోదర్ తన సీటుకి వచ్చి ఇంటికి డయల్ చేశాడు.

"వసూ, నేను జకార్తా వెళ్తున్నట్టు ఎవరికైనా చెప్పావా?"

"ఎవరికీ చెప్పలేదండీ," అంది భార్య. "క్యారీలో ఉండే నా ఫ్రెండ్ రాధారాణికి తప్ప."

"ఎందుకు చెప్పావు?"

"ఎందుకేంటి? అక్కడ మీకు అన్నం ఎవరు పెడతారు? రాధారాణి ఆడపడుచు రేణు జకార్తాలోనే ఉందిట. మీరు వాళ్ళింట్లో గుత్తివంకాయ తిన్నారా లేదా?"

"తిన్నాను."

"రెండుసార్లు వడ్డించుకున్నారని కూడా చెప్పింది. అప్పుడు గుర్తు రాలేదా మీ రహస్యం?"

అతను ఫోన్ పెట్టేశాడు. రేణు ఇంట్లో తిన్నప్పుడు, అదేదో తన అదృష్టం అనుకున్నాడు. రేణు భర్త ఆ ఆయిల్ కంపెనీలోనే ఇంజనీరు. రేణు ఆ లేడీస్ క్లబ్‌లో మెంబరు. అంటే దోషి పేరు తేలినట్టే. ఆ దోషికి పొద్దున తనే కాఫీ కలిపిచ్చాడు.

అయినా ఒక్క మాట తేల్చుకోవాలి. ఆఫీస్ ఫోన్‌లోనే జకార్తాకి చేశాడు. అక్కడ రాత్రి భోజనాల వేళ దాటింది.

"అన్నయ్యగారూ! మళ్ళీ వస్తున్నారా ఏంటి?" అంది రేణు. "ఈసారి బుధవారం రండి. ధరలు తగ్గుతాయి."

"నవ్వకమ్మా, ఇక్కడ నా ఉద్యోగం పోయేలా ఉంది. నేను వస్తున్నానని రాధారాణిగారు చెబితే, నువ్వు క్లబ్‌లో చెప్పావు. అంతేనా?"

"అయ్యో, నేనా? వదిన ఫోన్ చేసేసరికే క్లబ్ అంతా తెలుసండీ. లేబుళ్ళ పని కూడా అప్పటికే మాట్లాడేసుకున్నారు."

"ఎవరు చెప్పారు?"

"మీ బాస్‌గారి భార్య బెట్టీ లేదూ, ఆవిడా మా క్లబ్ ప్రెసిడెంటూ కాలేజీలో రూమ్మేట్స్‌ట. ఆవిడే ఫోన్ చేసింది. 'మా ఆయన ఆఫీసు కుర్రాడు మంగళవారం మీ షాపుకొస్తున్నాడు, మాంసం ముట్టడు, క్రిస్మస్ పార్టీలో ఉత్త బ్రెడ్డు తిని వెళ్ళాడు పాపం, అక్కడ ఎండకి పడిపోతాడేమో, కాస్త తిండి సంగతి చూడండి' అని. ప్రెసిడెంట్ ఆ డ్యూటీ నాకిచ్చింది. వదిన అడక్కపోయినా మీకు ఆ వంకాయ తప్పేది కాదు."

"మరి లేబుళ్ళు?"

"దాంట్లో నేను లేనండీ. మా ఆయనకి అలవెన్సు పెరిగిందనుకోండి, అది వేరు."

దామోదర్ ఫోన్ పెట్టేశాడు. తన మీద జాలిపడి ఇద్దరు ఆడవాళ్ళు రెండు దేశాలు కదిపారు. అందులో ముందు కదిపింది బెట్టీ. బెట్టీకి తేదీ చెప్పగలిగిన మనిషి ఒక్కడే.

ఐదింటికి మలిన్స్ మళ్ళీ కుర్చీలో కూర్చుని, డబ్బాలో చెయ్యి పెట్టాడు. దేవకుమారిని కూడా పిలిపించారు. ఆమె నోట్ తీసుకోవడానికి వచ్చినట్టు పెన్సిల్ పట్టుకుని నిలబడింది.

"చెప్పు డామ్," అన్నాడు హ్యారిగన్, ఆమె వైపు చూస్తూ. "ఇబ్బందే అనుకో. అయినా చెప్పాలి."

"ముందు నా తప్పు చెప్తాను," అన్నాడు దామోదర్ మలిన్స్‌తో. "ప్రయాణం గురించి నా భార్యకి చెప్పాను. భోజనం కోసం ఆమె జకార్తాకి కబురు పంపింది. కానీ ఆ కబురు చేరేటప్పటికే షాపుతో ఏర్పాటు అయిపోయింది. అంతకుముందే ఇంకొకరి భార్య అక్కడికి ఫోన్ చేసింది. కావాలంటే ఆ క్లబ్ ప్రెసిడెంట్‌ని మీరే అడగండి."

"ఆమెకి తేదీ చెప్పిందెవరు?"

హ్యారిగన్ చూపు దేవకుమారి మీద నుంచి మెల్లగా దామోదర్ మీదికి మళ్ళింది.

"జాగ్రత్తగా ఆలోచించుకో, దామోదర్," అన్నాడు. నాలుగేళ్ళలో పూర్తి పేరు పలకడం అదే మొదటిసారి.

"ఆలోచించాను సర్."

"పేరు," అన్నాడు మలిన్స్ నములుతూ.

"రాబర్ట్ హ్యారిగన్," అన్నాడు దామోదర్.