మైల పట్టిన ఇల్లు

“సంతకం పెట్టొద్దు!”

డిటెక్టివ్ ఇషా తలుపు తోసుకుని లోపలికొస్తూ తెలుగులో అరిచింది. “పెన్ కింద పెట్టు. లాయర్ కావాలి అని చెప్పు. అదొక్కటే. ఇంకేం మాట్లాడకు.”

శ్రేయాస్ చేతిలోని పెన్ను ఒప్పుకోలు కాగితం మీద ఆగిపోయింది. మాస్టర్స్ చదువుకుంటున్న కుర్రాడు. నిన్న సాయంత్రం నుంచి అతన్ని ఆ కుర్చీలోంచి లేవనివ్వలేదు. ఎప్పుడో వాంతి చేసుకున్నాడు. అది చొక్కా మీదే ఎండి అట్టకట్టింది. ఒక గుడ్డముక్క ఇచ్చిన పాపాన కూడా ఎవరూ పోలేదు. ఆ పులిసిన కంపులోనే, బల్లకు ఇవతల కూర్చుని, లెఫ్టినెంట్ బ్రోడీ గుడ్డు శాండ్‌విచ్ తింటున్నాడు.

ఇషా మొహం తిప్పుకుంది. వాంతిని చూసి కాదు, ఆ శాండ్‌విచ్‌ని చూసి.

“నేనేం చెయ్యలే అక్కా,” అన్నాడు శ్రేయాస్. పెదాలు పగిలి ఉన్నాయి. “అంకుల్ ఆ సాయంత్రం తమ్మునింటికి పోతున్నా అన్నడు. కారేసుకొని పోయిండు. పొద్దుగాల చూస్తే కారు ఇంటి ముంగట్నే ఉంది. అంకుల్ పండుకున్నడేమో అనుకొని కాలేజ్‌కి తీస్కపోయిన. డిక్కీల రక్తం ఉందని నాకెట్ల తెలుస్తది?”

“లాయర్ అని చెప్పరా బాబూ!”

శ్రేయాస్ బ్రోడీ వైపు తిరిగాడు. “ఐ వాంట్ ఎ లాయర్.”

బ్రోడీ నమలడం ఆపాడు. ఇషా భుజం పట్టుకుని వరండాలోకి లాగాడు. తలుపు మూసుకుంది.

“ఏం చెప్పావు వాడికి?”

“మూతి తుడుచుకోమన్నాను.”

“నన్ను వెధవననుకోకు.”

“అనుకోవడానికేముంది?” అంది ఇషా.

డెట్రాయిట్ పక్కనున్న ఆ చిన్న శివారు ఊరిలో అంతకు ముందువారం రాజగోపాల్ అనే పెద్దాయన కనిపించకుండా పోయాడు. భార్య లేదు, పిల్లలు లేరు. తమ్ముడు డాక్టర్ గౌరీశంకర్ నడిపే నొప్పుల క్లినిక్‌లో మేనేజరు. ఆయన ఇంటి బేస్‌మెంట్‌లో శ్రేయాస్ అద్దెకుంటున్నాడు. అన్న ఆ సాయంత్రం తన ఇంటికి రానే లేదని డాక్టర్ చెప్పాడు. కారు డిక్కీలో రక్తం దొరికింది. ఆ కారు తోలుతూ శ్రేయాస్ దొరికాడు. బ్రోడీకి ఇంకేం అక్కర్లేకపోయింది.

“డాక్టర్ ఈ ఊరికి ఐస్ రింక్ కట్టించాడు,” అన్నాడు బ్రోడీ. “ఆ పెద్దమనిషిని చూశావా? అన్న పోయిన దగ్గర్నుంచి గడ్డం కూడా గీసుకోవడం లేదు. ఈ కుర్రాడెవడు? రేపు ఫ్లైట్ ఎక్కితే మళ్ళీ దొరకడు. సంతకం లేకపోయినా సరే, రాత్రంతా వాగింది చాలు. ఇవాళ సాయంత్రానికి ప్రాసిక్యూటర్ హత్య కేసు పెడుతున్నాడు.”

“రాత్రంతా నిద్రపోనివ్వకపోతే నువ్వూ మీ అమ్మని చంపానని ఒప్పుకుంటావు.”

బ్రోడీ చెయ్యి చాపాడు. “బ్యాడ్జ్. గన్. ఇది రెండోసారి, ఇషా.”

మొదటిసారి వారంట్ లేకుండా ఓ గ్యారేజ్ తలుపు పగలగొట్టింది. లోపల కట్టేసి ఉన్న పిల్ల బతికి దొరికింది కాబట్టి అప్పుడు ఉద్యోగం నిలిచింది. ఈసారి నిలవదని ఇద్దరికీ తెలుసు. ఇషా రెండూ తీసి ఆయన చేతిలో పెట్టింది.

“ఆ డాక్టర్ గడప తొక్కావంటే నిన్నూ లోపలేస్తాను,” అన్నాడు బ్రోడీ. అని, మిగిలిన శాండ్‌విచ్ కోసం లోపలికి వెళ్ళాడు.

కార్లో కూర్చుని హీటర్ పెట్టుకునేసరికి ఫోన్ మోగింది. ఫార్మింగ్టన్ హిల్స్ నుంచి గుడికొచ్చిన వాళ్ళమ్మ పద్మిని.

“ఏమే, ఎక్కడ చచ్చావ్? హోమం అయిపోవచ్చింది.”

“అమ్మా, నాకు ఇప్పుడు టైమ్ లేదు.”

“నీకెప్పుడుంది గనక! రాజగోపాల్ గారు క్షేమంగా రావాలని మృత్యుంజయ హోమం, ఊరంతా వచ్చింది, పోలీసుదానివి నువ్వు తప్ప. ఆ డాక్టరు గారు మాత్రం చెప్పుల స్టాండ్ దగ్గరే కూర్చున్నాడు పాపం. లోపలికి రాలేదు.”

ఇషా గేరు మీద చెయ్యి వేసింది, తియ్యలేదు. “ఎందుకు రాలేదు?”

“మోకాళ్ళ నొప్పిట. పోయిన నెల పికిల్‌బాల్ ఆడి మీ నాన్నని ఓడించాడు, ఆ మోకాళ్ళే. ఆయన భార్య జయంతి అసలు ఇంట్లోంచే కదల్లేదట. నువ్వొచ్చి ప్రసాదం పట్టుకెళ్ళి దానికిచ్చి రా.”

“వస్తున్నా. ఫైవ్ మినిట్స్.”

గుడి లోపల జనం కిక్కిరిసి ఉన్నారు. గోడ నిండా రాజగోపాల్ ఫొటోలు. డాక్టర్ గౌరీశంకర్ ఆ గుడి ట్రస్టీ. హోమం ఖర్చంతా ఆయనదే. అయినా గడప ఇవతల, తడి బూట్ల వరసల మధ్య ఒక మడతకుర్చీలో కూర్చున్నాడు. ఎప్పుడూ నున్నగా ఉండే బుగ్గల మీద తెల్లటి గడ్డం. వచ్చేపోయేవాళ్ళు ఆయన భుజం నిమిరి, కళ్ళు తుడుచుకుని వెళ్తున్నారు.

పూజారి తీర్థం పళ్ళెం పట్టుకుని ఆయన దాకా వచ్చాడు. డాక్టర్ గబుక్కున చేతులు వెనక్కి తీసుకున్నాడు. దూరం నుంచే నమస్కారం పెట్టాడు.

ఇషా బూట్లు విప్పబోతూ ఆగింది.

పదేళ్ళ వయసులో ఆమె అదే చూసింది. తెనాలిలో తాతయ్య పోయాడని ఫోన్ వచ్చిన రోజు అమ్మ దేవుడి గది తలుపు మూసేసింది. నాన్న గడ్డం పెంచాడు, గుడి గడప తొక్కలేదు, ప్రసాదం ముట్టలేదు. ఎందుకని అడిగితే, “మైల అమ్మా. మన ఇంటి మనిషి పోయారు కదా. పది రోజులు,” అంది అమ్మ.

ఇంటి మనిషి పోయారని తెలిస్తేనే మైల.

ఇక్కడ లోపల రెండువందల మంది రాజగోపాల్ బతికున్నాడని హోమం చేస్తున్నారు. శవం దొరకలేదు. చావు కబురు లేదు. మరి తమ్ముడికి మైల ఎక్కడిది?

గ్యాస్ స్టేషన్ బాత్‌రూమ్‌లో మూత్రపు మడుగులో పడి చచ్చిన కుర్రాడు గుర్తొచ్చాడు. నీలం రంగెక్కిన చేతిలో మత్తెక్కించే నొప్పి మాత్రల సీసా, సీసా మీద డాక్టర్ గౌరీశంకర్ పేరు. మందుల చీటీ పద్ధతిగానే రాశాడంటూ బ్రోడీ ఆ ఫైల్ మూసేశాడు. అలాంటి మాత్రలు రాసిన చేతులు ఇప్పుడు తీర్థం ముట్టవు. మైల కదా!

నోట్లో చేదు ఊరింది. మంచులో ఉమ్మేసి, గడప దాకా వచ్చిన అమ్మ చేతిలోని ప్రసాదం డబ్బా లాక్కుని ఇషా కారెక్కింది.

జయంతి తలుపు సగమే తెరిచింది. అరవై దాటిన మనిషి. బొట్టు లేదు, జుట్టు దువ్వుకోలేదు.

“అమ్మ పంపింది ఆంటీ. హోమం ప్రసాదం.”

జయంతి చెయ్యి చాపలేదు. “ఆ బల్ల మీద పెట్టమ్మా. తర్వాత... తర్వాత తీసుకుంటాను.”

ఇషా బూట్లు విప్పి, పిలవకుండానే లోపలికి నడిచింది. చిన్నప్పుడు ప్రతి దసరాకీ ఈ ఇంట్లో బొమ్మల కొలువుకు వచ్చేది. ఏ వేళ వచ్చినా అగరొత్తుల వాసన వచ్చేది. ఇవాళ ఫినాయిల్ వాసన వస్తోంది. హాలు చివర దేవుడి గది తలుపు మూసి ఉంది. గుమ్మానికి కట్టిన బంతిపూలు నల్లబడిపోయాయి.

అబద్ధం చెప్పడానికి ఇషా క్షణం కూడా ఆలోచించలేదు.

“రాజగోపాల్ అంకుల్ దొరికారు ఆంటీ.”

జయంతి సోఫా చెయ్యి పట్టుకుంది. “క్లినిక్ తాళం మీకెవరిచ్చారు?”

అన్నాక అర్థమైంది ఆవిడకు. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

“ఎవరూ ఇవ్వలేదు,” అంది ఇషా మెల్లగా. “నేను లై చెప్పాను. క్లినిక్‌లో ఎక్కడ, ఆంటీ?”

“నాకేం తెలియదు. నువ్వెళ్ళు.”

“తెలియకపోతే ఆ గది ఎందుకు మూశారు? ఎవరు పోయారని మైల? పది రోజులు అయ్యాక ఏం చేస్తారు? తలస్నానం చేసి దీపం పెట్టేస్తారా? దహనం కాకుండా మైల పోతుందా ఆంటీ? మీకు తెలుసు కదా, నాకంటే మీకే బాగా తెలుసు.”

జయంతి నేల మీద కూలబడింది. ఏడుపు రాలేదు. మాటలు వచ్చాయి, వాంతిలా.

“బావగారు వచ్చారమ్మా ఆ సాయంత్రం. ఆ మాత్రలతో పిల్లలు చచ్చిపోతున్నారు, నేనింక చూస్తూ కూర్చోలేను, రేపు పోలీసులకి చెప్పేస్తాను అన్నారు. నేను వంటింట్లో కాఫీ కలుపుతున్నాను. ఇద్దరూ గ్యారేజ్‌లోకి వెళ్ళారు. చప్పుడైంది. వెళ్ళి చూస్తే మంచు కొట్టే పార... నేలంతా...” ఆవిడ తన అరచేతులు చూసుకుంది. “నా చేతే తుడిపించారు. ఇప్పటికీ ఇంకా తుడుస్తూనే ఉన్నాను, వాసన పోవడం లేదు.”

“ఇప్పుడు ఎక్కడున్నారు?”

“బావగారి కార్లోనే క్లినిక్‌కి తీసుకెళ్ళి, కారు ఆయనింటి ముందు వదిలేశారు. క్లినిక్ కింద పాత ఫ్రీజర్ ఉంది, అందులో. నేల గడ్డకట్టి తవ్వడానికి రాదుట. ఏప్రిల్లో మెత్తబడ్డాక లేక్ కాటేజ్ దగ్గర చూద్దామన్నారు.”

ఎండాకాలానికి తోటపని వాయిదా వేసినట్టు. ఇషా కళ్ళు మూసుకుని తెరిచింది.

“దేవుడి గది తియ్యకు, మైలలో దీపం పెడితే పాపం తగులుతుంది అని కూడా అన్నారు,” అంది జయంతి.

“అది ఒక్కటే తగులుతుందా ఆయనకి?”

ఇషా ఫోన్ తీసి, స్పీకర్ పెట్టి, బ్రోడీకి కొట్టింది.

“ఎక్కడున్నావు?”

“డాక్టర్ ఇంట్లో. నన్ను తర్వాత లోపలెయ్యి, ముందు విను. హత్య జరిగింది ఈ ఇంటి గ్యారేజ్‌లో. శవం క్లినిక్ బేస్‌మెంట్ ఫ్రీజర్‌లో ఉంది. డాక్టర్ భార్య ఇప్పుడే చెప్పింది.”

“తెలుగులో చెప్పిందా?”

“అవును.”

“నువ్వు ఇంగ్లీషు చేశావు. పొద్దున మూతి తుడుచుకోమని చేసినట్టు!” అవతల కుర్చీ కిర్రుమంది. “నీ మాట పట్టుకుని జడ్జి దగ్గరికి వెళ్తే నన్ను బయటికి తన్నిస్తాడు. ప్రాసిక్యూటర్ ఇక్కడే ఉన్నాడు, కేసు కాగితాలు ముందున్నాయి. ఆవిడ నోటితో వినాలి నేను. మేడమ్, వింటున్నారా? రాజగోపాల్‌ని చంపింది ఎవరు? పేరు చెప్పండి, చాలు.”

జయంతికి ఇంగ్లీషు వచ్చు. ప్రశ్న అర్థమైంది. తల అడ్డంగా ఊపింది.

“ఆయనే అని చెప్పాను కదమ్మా నీకు.”

“ఆయన అంటే అతనికి తెలియదు ఆంటీ. పేరు చెప్పాలి.”

“పేరా?” జయంతి ముఖంలో కొత్త భయం. “పెళ్ళయిన దగ్గర్నుంచి ఒక్కసారి కూడా నోటితో అనలేదు. చెక్కు మీదైతే రాసేదాన్ని. ఎవరైనా అడిగితే డాక్టర్ గారు అనేదాన్ని. అంటే ఆయుష్షు తగ్గుతుందని మా అమ్మ...”

“శ్రేయాస్ పేరు విన్నారా మీరు? అంకుల్ బేస్‌మెంట్‌లో ఉండే అబ్బాయి. వాంతి చేసుకున్న చొక్కాతో కూర్చోబెట్టారు వాడిని. ఈవెనింగ్‌కి వాడే మర్డరర్. లైఫ్ మొత్తం జైల్లో. వాడి ఆయుష్షు సంగతి ఏంటి?”

జయంతి ఫోన్ వైపు వంగింది.

గ్యారేజ్ తలుపు గరగరమంటూ పైకి లేచింది. వంటింటి వైపు నుంచి అడుగులు. డాక్టర్ గౌరీశంకర్ సాక్సులతో హాల్లోకి వచ్చాడు. ముందు ఇషాను చూశాడు, తర్వాత నేల మీదున్న భార్యను, తర్వాత వెలుగుతున్న ఫోన్‌ను. పెద్ద డాక్టర్లకుండే ఓర్పైన నవ్వు నవ్వాడు.

“ఏం తల్లీ ఇషా, ఎంతసేపైంది వచ్చి? కాఫీ ఇచ్చిందా మీ ఆంటీ?” ఫోన్ వైపు వంగి ఇంగ్లీషులోకి మారాడు. “లెఫ్టినెంట్, నా భార్యకు ఒంట్లో బాగా లేదు. మా అన్నయ్య దిగులుతో ఏదేదో మాట్లాడుతోంది. మన్నించండి.”

“మేడమ్?” అన్నాడు బ్రోడీ. “చెప్పేదేమైనా ఉందా? లేకపోతే ఫోన్ పెట్టేస్తాను.”

డాక్టర్ మళ్ళీ తెలుగులోకి వచ్చాడు. గొంతు పెంచలేదు. “లోపలికి వెళ్ళి పడుకో. నేల తుడిచింది నువ్వు. గుడ్డలు ఉతికింది నువ్వు. నేను వెళ్తే నువ్వూ వస్తావు. తెలిసిందా? లే, లేచి చేతులు కడుక్కో. కంపు కొడుతున్నావు.”

జయంతి తన చేతులు వాసన చూసుకుంది. తర్వాత తలెత్తి, తెల్ల గడ్డంతో నిలబడ్డ మొగుడిని కాళ్ళ నుంచి తల దాకా చూసింది. కంచంలో పురుగు కనపడినట్టు మొహం ముడుచుకుపోయింది. ఫోన్‌ను రెండు చేతులా దగ్గరికి తీసుకుంది.

“గౌరీశంకర్,” అంది.