ఆ నవ్వు నాది

స్టూడియోలో నన్ను గొంతమ్మ అంటారు. నలభై ఎనిమిదేళ్లు, రెండు మోకాళ్లూ నొప్పులే, అయినా ఇరవై రెండేళ్ల హీరోయిన్లకు గొంతు నాదే. "గారాలన్నీ మైకు దగ్గరే అయిపోతాయి, ఇంటికి అరుపులే తెస్తుంది" అని మా ఆయన ఎత్తిపొడుస్తుంటాడు. అబద్ధమేమీ కాదు.

మా పని ఇలా ఉంటుంది. షూటింగులో నటి అన్న మాటలు అక్కడి గోలతో సహా రికార్డవుతాయి. దాన్ని పైలట్ అంటాం. హెడ్‌ఫోన్లో అది వింటూ, తెర మీద పెదవులు చూస్తూ, ఆ మాటలు నేను మళ్లీ చెప్తాను. నా గొంతు పడ్డాక పైలట్ ఊసు ఎవరూ ఎత్తరు. అంటే ఆ పిల్లలు నిజంగా ఎలా మాట్లాడారో విన్న ఆఖరి మనిషిని నేనే. ఇన్నేళ్లలో ఆ సంగతి ఒక్కసారైనా ఆలోచించలేదు, నా బుర్రకు బుద్ధి లేదు.

ఆ రోజు వచ్చింది ఒక కొత్తమ్మాయి సీను. ఆమెకు అదే మొదటి సినిమా. హీరో వెనక నుంచి వచ్చి నడుం పట్టుకుంటాడు, కాగితం మీద ఉన్నది అంతే. తెర మీద అతని చేతులు అక్కడ ఆగలేదు. ఆమె కళ్లు జుట్టు చాటున ఉన్నాయి, పెదవులు మాత్రం కనపడుతున్నాయి. హెడ్‌ఫోన్లో, "వద్దు... వదలండి సార్... వద్దన్నానుగా!" అని వినపడింది. కథలో ఆమె అతన్ని సార్ అనదు. సెట్లో వెనకాల ఎవరో కిసుక్కుమనడం కూడా వినపడింది.

"గొంతమ్మా, మాటలు అవే ఉంచి కాస్త గారం కలపండి. ఆ సార్ తీసేసి, అక్కడ చిన్న నవ్వు," అన్నాడు డైరెక్టరు అద్దం అవతల నుంచి.

అది గారం కాదని నాకు తెలుస్తూనే ఉంది. అయినా అలవాటుపడ్డ నోరు కదా, నవ్వింది. ఒక్క టేకులో ఓకే. సౌండ్ ఇంజనీరు బొటనవేలు ఎత్తి చూపించాడు. నేను ఇంటికెళ్లి వంట చేసుకున్నాను.

నెల తిరక్కుండా ఆ అమ్మాయి నటుల సంఘంలో ఆ హీరో మీద ఫిర్యాదు చేసింది. అది నిలబడకపోతే ఇక ఆమెకు సినిమాలే ఉండవని నిర్మాత అందరి ముందూ అన్నాడట. డబ్బింగ్ ఎవరు చెప్పారో వాకబు చేసుకుని మా ఇంటికొచ్చింది. గుమ్మంలోనే నిలబడింది.

"అక్కా, సెట్లో అరవై మంది ఉన్నారు. ఎవరూ ఏమీ వినలేదంటున్నారు. మీరు విన్నారా?"

విన్నానని చెప్పడానికి నాకు గ్లాసుడు నీళ్లు కావాల్సొచ్చింది. "పైలట్ ఉంటుంది కదమ్మా, అది వేయించు," అన్నాను.

"అది చెరిగిపోయిందట అక్కా."

విచారణ రోజు నేనూ వెళ్లాను. పొడవాటి బల్ల, గోడకు టీవీ. డైరెక్టరు దర్జాగా కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. సీను వేశారు. నా నవ్వు గదంతా వినపడింది.

"నవ్వుతూనే ఉన్నావు కదమ్మా?" అన్నాడు సంఘం అధ్యక్షుడు.

ఆ అమ్మాయి తల దించుకుంది. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఆమె మీద వాళ్ల దగ్గరున్న సాక్ష్యమల్లా నా గొంతే.

"ఆ నవ్వు నాదండీ," అని లేచాను. "సౌండ్ తీసేసి ఇంకోసారి వెయ్యండి. నేను విన్నది విన్నట్టు చెప్తాను."

డైరెక్టరు నా వైపు తిరిగాడు. "గొంతమ్మా, రేపటి నుంచి ఏ స్టూడియోలోనూ మైకు ఉండదు మీకు, చూసుకోండి."

"ఇక్కడా లేదుగా బాబూ, అయినా చెప్తాను."

బొమ్మ కదిలింది. పెదవులు చూస్తూ మొదలుపెట్టాను. వద్దు... వదలండి సార్... గొంతు వణికించాల్సిన పని లేకపోయింది, అదే వణికింది. నవ్వు దగ్గర ఆమె పెదవులు సార్ అనే అన్నాయి. అధ్యక్షుడు కళ్లజోడు సర్దుకుని ముందుకు వంగాడు. కుర్చీలో ఆ అమ్మాయి పెదవులు కూడా నాతోపాటే కదులుతున్నాయి.

"ఇక చాలు. ఎవరైనా ఆపండి ఆవిణ్ణి!" అన్నాడు డైరెక్టరు.

ఆ అమ్మాయి తలెత్తింది. "ఆ రోజు నేను ఆపమంటే ఎవరూ ఆపలేదుగా సార్. ఇవాళ పూర్తిగా విననివ్వండి."

నేను మళ్లీ మొదటి నుంచి చెప్పాను.