ఉమ్మడి నిద్ర

పొద్దున ఏడింటికి సైటు గేటు తెరవగానే బావమరిది చేసే మొదటి పని హెల్మెట్ పెట్టుకోవడం కాదు, బావ మొహం చూడడం. చూసి, "నిద్ర పట్టిందా బావా?" అని అడుగుతాడు. "ఆ, పట్టిందిరా" అంటాడు ఆపరేటరు. అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు. ఏడాదిగా రోజూ అదే ప్రశ్న, అదే అబద్ధం. ఆ తర్వాతే టీ.

ఆపరేటరంటే టవర్ క్రేన్ ఆపరేటరు. పన్నెండేళ్లుగా ఆయన పైన క్యాబిన్‌లో, బావమరిది కింద వాకీటాకీతో. వాళ్ల పనికి ఒక పద్ధతి ఉంది. బరువు గాల్లో ఉన్నంతసేపూ కిందివాడు మాట్లాడుతూనే ఉండాలి. "దించు, దించు, కొంచెం కుడికి, దించు" అని. గొంతు ఆగిందంటే పైన చెయ్యి ఆగిపోవాలి. ఎందుకని అడగడం తర్వాత, ముందు ఆగాలి. బావమరిది వాగుడుకాయ కాబట్టి ఈ ఉద్యోగానికే పుట్టాడని సైట్లో అందరూ అంటారు. వాడు నోరు మూసుకున్న రోజు భవనం లేవదని మేస్త్రీ ఎగతాళి.

ఆపరేటరు భార్య, అంటే బావమరిదికి సొంత అక్క, నర్సు. ఇరవై ఏళ్లు రాత్రి డ్యూటీలే చేసింది. ఊళ్లో ఎక్కడో తన మనిషి మేలుకుని ఉందన్న ధీమాతో ఆయన ఒళ్లెరగకుండా పడుకునేవాడు. పగలు ఆమె పడుకునేది, ఆయన క్రేన్ మీద ఉండేవాడు. ఇద్దరూ ఒకేసారి నిద్రపోయిన రోజుల్ని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పోయినేడు ఆమె జబ్బుచేసి చనిపోయింది. అప్పటినుంచి ఆయనకు రెప్ప పడలేదు. మాత్రలు మింగాడు, పాలు తాగాడు, గోడకేసి చూశాడు. తన కోసం మేలుకుని ఉన్నవాళ్లు ఎవరూ లేరని ఒంటికి తెలిసిపోయింది, ఇక దానికి నచ్చజెప్పడం ఎవరి తరమూ కాలేదు.

నిద్ర లేని మనిషిని ఎవరు మాత్రం నలభై అంతస్తుల ఎత్తుకి పంపుతారు? రెండు నెలల కిందట కంపెనీ డాక్టరమ్మ ఆయన్ని కిందికి దించేసింది. ఆమె దగ్గర ఒక చిన్న పెట్టె ఉంటుంది. దాని మీద దీపం వెలగ్గానే మీట నొక్కాలి. ఆపరేటరు రెండుసార్లు పరీక్షకి వెళ్లాడు, రెండుసార్లూ దీపం ఆరిపోయాక నొక్కాడు.

"నెలాఖరుకి ఇంకొక్కసారి చూస్తానండీ. అప్పుడూ ఇలాగే ఉంటే మిమ్మల్ని స్టోర్‌రూమ్‌కి రాసెయ్యాల్సి వస్తుంది," అంది ఆమె.

స్టోర్‌రూమ్ అంటే బోల్టులు, ఇనుప తాళ్లు, రేకుల షెడ్డు. జీవితమంతా పక్షుల వీపులు చూసినవాడు ఇక వాటి పొట్టలు చూస్తూ బతకాలి.

"ఇంట్లో అలికిడి లేకనే నీకు నిద్ర రావట్లేదు. ఒక కుక్కని తెచ్చుకో," అన్నాడు బావమరిది. అని ఊరుకోలేదు. ఆ శనివారమే బావని స్కూటరెక్కించి, ఊరి చివర దిక్కులేని కుక్కల్ని చేరదీసే షెల్టరుకి తీసుకెళ్లాడు.

షెల్టరు నడిపే ఆవిడ మోచేతుల దాకా సబ్బు నురగతో ఎదురొచ్చింది. చివరి గదిలో రెండు కుక్కలున్నాయి. ఒకటి నల్లది, పేరు బొగ్గు. ఒకటి తెల్లది, పేరు సున్నం. రెండింటికీ ఎనిమిదేళ్లు పైనే. బొగ్గు గుర్రుపెట్టి నిద్రపోతోంది. సున్నం దాని పక్కన కూర్చుని, తలుపుకేసి చూస్తోంది.

"ఒకటి చాలమ్మా. నాది రెండు గదుల ఇల్లు," అన్నాడు ఆపరేటరు.

"వీటిని విడదీసి ఇవ్వనండీ." ఆవిడ చేతులు తుడుచుకుని గోడకి తగిలించిన కాగితం తీసింది. "టీకాలు అయ్యాయి. పళ్లు బాగున్నాయి. పిల్లుల్ని ఏమీ అనవు. నిద్ర ఉమ్మడి."

"ఉమ్మడంటే?"

"ఒకటి పడుకుంటే రెండోదానికి అలసట తీరుతుంది. పాత యజమాని ఇల్లు ఖాళీ చేస్తూ వీటిని వదిలేసిపోయాడు. తాళం వేసిన గేటు ముందు రెండేళ్లున్నాయి. ఎవరో ఒకరు కాపలా ఉండాలిగా, అలా అలవాటైంది. ఒక నిద్రని రెండూ పంచుకుంటాయి కాబట్టి ఎప్పుడూ కాస్త నీరసంగానే కనిపిస్తాయి. పోయిన నెల ఒకాయన సున్నాన్ని ఒక్కదాన్నే తీసుకెళ్లాడు. నాలుగోరోజుకల్లా అక్కడ అదీ, ఇక్కడ ఇదీ నిలబడలేకపోయాయి. తెచ్చి ఇచ్చేశాడు."

ఆపరేటరు ఇంకా నసుగుతూనే ఉన్నాడు. అప్పుడు బావమరిది అడ్డుపడ్డాడు.

"మనిద్దర్లో ఒకణ్ణే పనిలో పెట్టుకుంటానని మొదటి కంట్రాక్టరు అంటే నువ్వేం చేశావు బావా? లేచి వచ్చేశావా లేదా?"

లేచి వచ్చేశాడు. అది నిజం. ఆపరేటరు కాగితం మీద సంతకం పెట్టాడు.

కుక్కలు ఇంటికి వచ్చాయి, అలికిడీ వచ్చింది. నిద్ర మాత్రం రాలేదు. గిన్నెలో నీళ్లు తాగిన చప్పుడు, నేల మీద గోళ్ల చప్పుడు, గుర్రు, అన్నీ వింటూ ఆయన పడుకునేవాడు, వింటూనే లేచేవాడు. బొగ్గు పడుకుంటే సున్నం తలుపు దగ్గర వీపు తిప్పి కూర్చునేది. కాసేపటికి సున్నం వచ్చి మూతితో తడితే బొగ్గు లేచి వెళ్లి అక్కడ కూర్చునేది. వరుస తప్పేది కాదు. కానీ షెల్టరావిడ చెప్పినట్టే రెండింటికీ కళ్లలో ఆ వాడిన చూపు అలాగే ఉంది. అద్దంలో తన మొహం మీద ఉన్నదీ అదే.

పరీక్ష మంగళవారం. దానికి ముందు వచ్చిన ఆదివారం మధ్యాహ్నం భోజనమయ్యాక, ఆపరేటరు కుర్చీలో కూర్చుని ఆశ వదిలేసుకున్నాడు. రేకుల షెడ్డుకి మనసులో రంగు కూడా వేసేసుకున్నాడు. ఎదురుగా కుక్కలు రెండూ ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయి. వరుస ఎవరిదో వాటికే తెలియనంత అలసిపోయాయి. ముసలి ముఖాలు, పట్టు తప్పుతున్న మెడలు. వాటిని చూసి ఆయన మనసు కరిగిపోయింది.

"ఇదిగో, ఇద్దరూ పడుకోండర్రా. నేను ఎలాగూ మేలుకునే ఉంటాగా," అన్నాడు.

ఊరికే అనలేదు. కుర్చీ ఎత్తి తలుపు దగ్గర వేసుకుని, ఇంటికి వీపు తిప్పి వీధికేసి కూర్చున్నాడు. కుక్కలు కాసేపు నమ్మలేదు. సున్నం వచ్చి ఆయన చెప్పులు వాసన చూసింది, వెనక్కి వెళ్లింది. తర్వాత రెండూ ఒకదాని మీద ఒకటి తల పెట్టుకుని, ఎన్నేళ్ల తర్వాతో, ఒకేసారి నిద్రపోయాయి.

ఆయన కాపలా ఉన్నాడు. వీధిలో సైకిళ్లు పోయాయి. ఎదురింటి మేడ మీద బట్టలు ఆరాయి, ఎవరో వచ్చి తీసుకెళ్లారు. నాలుగున్నరకి టీ పెట్టుకుని తాగితే, అది వేడిగా, తియ్యగా, టీలాగే ఉంది. ఏడాదిగా తను తాగుతున్నది ఏమిటా అని ఆయనకు ఆశ్చర్యం వేసింది. భుజాల మీది బరువు దిగింది. ఎదురింటి నంబరు పలక మీది అంకెలు, అంత దూరం నుంచి, కడిగినట్టు కనిపించాయి.

ఆ రెండు రాత్రులూ ఆయన అలాగే కాపలా కూర్చున్నాడు. మంగళవారం డాక్టరమ్మ దీపం వెలిగించింది. వెలగ్గానే మీట పడింది. ఇరవైసార్లు వెలిగిస్తే ఇరవైసార్లూ పడింది. ఆమె కళ్లద్దాలు సవరించుకుని ఫారం దగ్గరికి లాక్కుంది.

"రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారు?"

"నేను పడుకోలేదండీ. మా కుక్కలు పడుకున్నాయి."

"ఎన్ని గంటలు?"

"ఎనిమిది."

"రెండూనా?"

"రెండూ."

ఆమె ఎనిమిది అని రాసి, సంతకం పెట్టి, స్టాంపు వేసింది. "క్రమం తప్పనివ్వకండి," అంది. "వాటికి మెత్తటి పరుపు కొనండి."

బుధవారం ఆపరేటరు పైకెక్కాడు. వాకీటాకీలో బావమరిది గొంతు ఆ రోజు సాయంత్రం దాకా ఆగలేదు. బరువు లేనప్పుడు కూడా వాడు మాట్లాడుతూనే ఉన్నాడు. మేస్త్రీ చెవిలో దూది పెట్టుకున్నాడు. ఇంట్లో కుక్కలు రెండూ కొత్త పరుపు మీద పడుకున్నాయి. మేఘాల కింద ఆయన చెయ్యి మీట మీద వణక్కుండా ఉంది.

అలా నెల గడిచింది. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన యథాప్రకారం కుర్చీ తీసుకుని తలుపు దగ్గరికి వెళ్లేసరికి, అక్కడ చోటు లేదు. బొగ్గూ సున్నం గడప దగ్గర పక్కపక్కనే, వీధికేసి, ఆయనకి వీపు తిప్పి కూర్చున్నాయి.

"లేవండి. వెళ్లి పడుకోండి," అన్నాడు. కదల్లేదు. నెలరోజుల నిద్రతో బొద్దుగా, నిగనిగలాడుతున్న వీపులు. బొగ్గు ఒక్కసారి తల తిప్పి మంచం వైపు చూసి, మళ్లీ వీధిలోకి చూసింది.

వరుస తనదని ఆయనకు అర్థమైంది. అర్థమై భయం వేసింది. ఏడాదికి పైగా ఆ మంచం మీద ఆయన పడుకున్నాడే గానీ నిద్రపోలేదు. వెళ్లి ఒక అంచున ఒరిగాడు. తన కోసం ఇద్దరు మేలుకుని ఉన్నారు. ఆ మాట మనసులో అనుకోగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకుందామని చెయ్యి లేపాడు గానీ, చెయ్యి కళ్ల దాకా రాలేదు.

సాయంత్రం బావమరిది వచ్చాడు. గడపలో కుక్కల్ని చూసి, లోపలినుంచి వస్తున్న గురక విని, నోటిదాకా వచ్చిన కేకని మింగేశాడు. బావ గురక గురించి అక్క జోకులు వేసేది. వాడు స్వయంగా వినడం ఇదే మొదటిసారి. చెప్పులు విడిచి, గడప మీద ఓ పక్కన కూర్చున్నాడు. ఎదుటివాడి నిద్ర గురించి రోజూ అడిగినవాణ్ణి నీ నిద్ర సంగతేమిటని అడిగినవాళ్లు లేరు. అక్క పోయింది వాడికి కూడానని సైట్లో ఎవరికీ తట్టలేదు.

కుక్కలు వాణ్ణి కాసేపు పరిశీలించాయి. ఒకదాన్నొకటి చూసుకున్నాయి. లేచి లోపలికి వెళ్లి, మంచం పక్కన పరుపు మీద తల మీద తల పెట్టుకున్నాయి.

ఏడున్నరకి వాడి భార్య ఫోన్ చేసింది. "ఎక్కడున్నావు? ఇంకా రాలేదేం?"

"బావ దగ్గర."

"ఇద్దరూ ఏం చేస్తున్నారక్కడ?"

వాడు వీధిలోకి చూస్తూ, కళ్లు బాగా తెరుచుకునే, గొంతు తగ్గించి చెప్పాడు.

"నిద్రపోతున్నాం."