వేడి లేని దీపాలు

లారీ వెనక బ్రేకు దీపం మీద మోజెస్ తన కుడిచేతి చూపుడువేలు వెనక భాగాన్ని ఆనించి, కళ్లు మూసుకుని, మనసులో ఇరవై దాకా లెక్కపెట్టసాగాడు. పదమూడు దగ్గర ప్లాస్టిక్కు గోరువెచ్చనైంది. ఇరవైకి ఇంకాస్త వేడెక్కింది.

"ప్రార్థన అయిందా మోజెసన్నా?" అన్నాడు లారీ డ్రైవరు క్యాబిన్‌లోంచి తల బయటపెట్టి.

"అయింది. వెలుగుతోంది, కాలు తీసెయ్."

చిల్లకల్లు దగ్గర హైవే పక్కన ఉన్న ఆ రేకుల షెడ్డులో అతను బండ్లకు కరెంటు పని చేయబట్టి ముప్పై ఒక్క ఏళ్లు. దీపం మీద వేలు పెట్టి కళ్లు మూసుకుంటాడు కాబట్టే అతను వేసిన బుల్బు ఏడాది దాకా పోదని సిమెంటు లారీల డ్రైవర్లు చెప్పుకునేవారు. రోడ్డు మీద బతికేవాళ్లకు ఇలాంటి నమ్మకాలు కాస్త ఎక్కువ. అసలు సంగతి వేరు. మోజెస్‌కు కళ్లు ఆనటం లేదు. షుగరు కళ్లకెక్కి మూడేళ్లయింది. ఎదురుగా మనిషి నిలబడితే ఆకారం తెలుస్తుంది, ముఖం తెలియదు. పగటిపూట దీపం వెలిగిందో లేదో అసలే తెలియదు. పోయిన చూపు తిరిగి రాదని నందిగామలో డాక్టరమ్మ చెప్పినప్పుడు పక్కన భార్య ఆరోగ్యమ్మ ఉంది. ఆమె తప్ప ఇంకెవరికీ ఈ విషయం తెలియదు.

షెడ్డు యజమాని కిషోర్‌బాబుకు తెలిస్తే ఆ రోజే పనికి ఆఖరు. అందులో అన్యాయం ఉందని మోజెస్ కూడా అనుకోలేదు. తీగ తప్పు కలిపితే బండి తగలబడుతుంది. అయినా రోజూ పొద్దున్నే జగ్గయ్యపేటలో ఆటో ఎక్కి వస్తూనే ఉన్నాడు. మొదట్లో భయపడేవాడు. ఇప్పుడు భయం కూడా అలవాటైపోయి, భోజనం క్యారియరులా రోజూ చేతిలో ఉండే వస్తువైపోయింది.

కొత్త వైర్లకు ఆరోగ్యమ్మ ఇంటి దగ్గరే ముడులు వేసి ఇచ్చేది. ఎరుపుకు ఒక ముడి, నలుపుకు రెండు, పసుపుకు మూడు. పాత వైరు ఏది ఎటు పోతుందో వేళ్లకే తెలుసు. రిలే స్విచ్చు సంగతి అది టిక్కుమనే చప్పుడే చెబుతుంది. దీపాల సంగతి వేడి చెబుతుంది. వేడెక్కని దీపాలు ఉన్నాయి గానీ, ఎల్ఈడీ పనులు కిషోర్‌బాబు తనే చేసుకునేవాడు. ఆ లోకం జోలికి మోజెస్ పోలేదు.

పదకొండింటికి ఒక తెల్ల కారు షెడ్డులోకి వచ్చింది. దిగినవాడు భార్గవ, నందిగామలో బ్యాంకు ఉద్యోగి. వేదాద్రి నరసింహస్వామి దర్శనానికి తల్లి చూడామణిని తీసుకువెళుతూ ఆగాడు.

"తలుపు పిడుల కింద నేల మీదికి పడే చిన్న లైట్లున్నాయి కదండీ, అవి మరీ మసగ్గా ఉన్నాయి. నాలుగింటికీ ఎల్ఈడీలు వేసెయ్యండి. మొన్న చీకటి పడ్డాక దిగుతూ, అడుగు కనపడక అమ్మ పడిపోయింది."

కిషోర్‌బాబు ఒక ట్రాక్టరు కింద దూరి ఉన్నాడు. అక్కడి నుంచే కేక వేశాడు. "మోజెస్, అది నువ్వు కానిచ్చెయ్. చిన్న పనేగా!"

భార్గవ టీ తాగటానికి రోడ్డు దాటాడు. చూడామణి షెడ్డు నీడలో ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని కూర్చుంది. డెబ్బై నాలుగేళ్ల మనిషి. ఆమె ఎక్కి దిగేది ఎడమవైపు వెనక తలుపు. మోజెస్ దానితోనే మొదలుపెట్టాడు.

పలచటి బ్లేడుతో చిన్న మూత ఊడదీసి, చిటికెన వేలి గోరంత పాత బుల్బు లాగి, కొత్తది గుచ్చాడు. భార్గవ ఇచ్చి వెళ్లిన కారు తాళం మీది మీట నొక్కితే అర నిమిషం దీపాలు వెలుగుతాయి. నొక్కాడు. వేలు ఆనించాడు. ఇరవై దాకా లెక్కపెట్టాడు. చల్లగా ఉంది.

ఎల్ఈడీకి ప్లస్సూ మైనస్సూ ఉంటాయని, తిరగేసి పెడితే వెలగదని అతనికి తెలుసు. కాబట్టి బయటికి లాగి, తిప్పి పెట్టాడు. మళ్లీ ఇరవై. మళ్లీ చల్లగానే ఉంది. అప్పుడు గుర్తొచ్చింది, ఇవి వెలిగినా వేలికి వేడి తగలదని. మొదట పెట్టినప్పుడే అది వెలిగింది. వెలిగినదాన్ని తీసి, తిప్పి, తన చేత్తోనే ఆర్పాడు. ఆ సంగతి అతనికి తెలియదు. రెండింటిలో ఏది సరైనదో తెలియదని మాత్రం తెలిసింది.

ఒక్క మాట అడిగితే సరిపోయేది. అమ్మా, వెలుగుతోందా అని. మూడేళ్లలో ఎవరినీ అడగలేదు. అలాగే వదిలేసి మిగతా మూడూ చేతికొచ్చినట్టు గుచ్చాడు. అదృష్టం కొద్దీ మూడూ సరిగ్గానే పడ్డాయి.

"అయిందా?" అన్నాడు కిషోర్‌బాబు చేతులు తుడుచుకుంటూ.

"అయిపోయింది బాబూ."

భార్గవ తిరిగొచ్చి మీట నొక్కాడు. చూడామణి లేచి కారు చుట్టూ నెమ్మదిగా నడిచి, తన తలుపు దగ్గర ఆగింది.

"ఆ తలుపు కింద తెల్లగా పడిందిరా. నా తలుపు కింద చీకటే."

కిషోర్‌బాబు ఒంగి చూశాడు. బుల్బు లాగి, తిప్పి పెట్టాడు. నేల మీద తెల్లటి వెలుగు పడింది. "తిరగేసి పెట్టావు మోజెస్. చూసుకోలేదా?"

 చూడామణి మోజెస్ వైపు తిరిగి, ఎంతో ఆపేక్షగా అడిగింది.

"నీక్కూడా ఆనటం లేదా నాయనా? ఇందాకట్నుంచి చూస్తున్నా, వేలు పెట్టి తడుముతున్నావు. నేనూ అంతే, పొయ్యి వెలిగిందో లేదో అరచెయ్యి పెట్టి చూసుకుంటా."

కిషోర్‌బాబు తల తిప్పి మోజెస్ ముఖంలోకి చూశాడు. ఆమెకు ఏదో తట్టింది. కారెక్కబోతూ వెనక్కి తిరిగింది. "నేనేమన్నా అనకూడని మాట అన్నానా?"

"లేదమ్మా. దిగేటప్పుడు చూసుకుని దిగండి," అన్నాడు మోజెస్.

"పాత బుల్బులు మాకెందుకులెండి, ఉంచుకోండి," అని భార్గవ కారు వెనక్కి తీశాడు.

కిషోర్‌బాబు ఈ పని నేర్చుకుంది మోజెస్ దగ్గరే. తండ్రి బసవయ్య షెడ్డు నడిపే రోజుల్లో సెలవులకు వచ్చి, అతని పక్కన కూర్చుని తీగలు ఒలిచేవాడు. ఇప్పుడు నేల మీద పడున్న రెండు వైరు ముక్కలు తీసి అతని చేతిలో పెట్టాడు.

"వీటిలో ఎర్రది ఏది?"

మోజెస్ రెండింటినీ ఈ చివర నుంచి ఆ చివరకు తడిమాడు. ముడులు లేవు. రెండూ బల్ల మీద పెట్టేశాడు.

"తెలీదు బాబూ."

"ఎన్నాళ్లబట్టి?"

"మూడేళ్లు. ఒక్క బండీ వెనక్కి రాలేదు."

"రాలేదని తెలుసు," అన్నాడు కిషోర్‌బాబు. బల్ల మీది వైరు ముక్కలు తీసి పక్కన పడేశాడు. "రేపట్నుంచి రావద్దులే, మోజెస్."

ఆ 'లే' అనటంలో ఉన్న మెత్తదనం మోజెస్‌కు అందింది. ఏడుపొస్తుందేమోనని చూసుకున్నాడు. రాలేదు. మూడేళ్లుగా ఎదురుచూస్తున్న మాట వచ్చింది, అంతే. చేతిలో పని మధ్యలో ఉంది కాబట్టి దానివైపు తిరిగాడు. తీసిన బుల్బులు పనికొస్తాయో లేదో చూసి గాని పక్కన పెట్టకపోవటం అతని పద్ధతి. బల్ల మీద పాత బ్యాటరీకి తగిలించిన హోల్డరు ఉంది. ఒక్కో బుల్బూ అందులో గుచ్చి, వేలు ఆనించాడు. మొదటిది బాగుంది. రెండోది, మూడోది కూడా. నాలుగోది చూడామణి తలుపుది. అదీ బాగానే ఉంది. దాన్ని తీయబోయి, ఊరుకుని, హోల్డరులో అలాగే ఉంచేశాడు.

భోజనం క్యారియరు విప్పకుండానే తీసుకున్నాడు. "వస్తా బాబూ," అన్నాడు. రోజూ అలాగే అంటాడు. రోడ్డు పక్క ఆటో చప్పుడు విని, చెయ్యెత్తి ఆపి, ఎక్కాడు.

మధ్యాహ్నం దాటాక కిషోర్‌బాబు బల్ల దగ్గరికి వచ్చేసరికి ఎండ షెడ్డులోకి వాలి, సూటిగా హోల్డరు మీద పడుతోంది. ఆ వెలుతురులో బుల్బు వెలుగుతోందో లేదో అతనికి తెలియలేదు. చూపుడువేలు వెనక భాగాన్ని ఆనించాడు. గాజు చురుక్కుమంది.