ఆయన చెప్పరు, నేను అడగను

మా ఆయన వానాకాలం మొదట్లో రిటైరయ్యారు. బ్రేక్ ఇన్‌స్పెక్టరు. డ్రైవింగ్ లైసెన్సు కోసం వచ్చినవాళ్ళ పక్క సీట్లో కూర్చుని, బండి ఎలా నడుపుతున్నారో చూసి, పాసో ఫెయిలో తేల్చడం ఆయన పని. ఆ పనికి ఒక నియమం ఉందట. పరీక్ష జరుగుతున్నంతసేపూ ఇన్‌స్పెక్టరు నోరు విప్పకూడదు. సాయం చెయ్యకూడదు, తప్పు దిద్దకూడదు, మొహంలో కూడా ఏమీ కనపడనివ్వకూడదు. బండి మురుక్కాలవలోకి పోతున్నా సరే, బెల్లం కొట్టిన రాయిలా కూర్చుని, పోయాక ఫలితం చెప్పాలి. ఇంత హాయైన ఉద్యోగం లోకంలో ఇంకొకటి ఉంటుందనుకోను.

ఆఫీసు నియమాన్ని ఆఫీసులోనే వదిలేసి వచ్చే మనిషైతే నాకీ కథ చెప్పే అవసరమే ఉండేది కాదు. పెళ్ళయిన కొత్తలో నేను కూరలో ఉప్పు రెండుసార్లు వేస్తుంటే ఎదురుగా నిలబడి చూశారు. తినేటప్పుడు మాత్రం "రెండుసార్లు వేశావు" అన్నారు.

"మరి చూస్తూ ఊరుకున్నారేం?"

"నువ్వే చూసుకుంటావనుకున్నా."

ఆ ఒక్క మాట మీద మా కాపురం మొత్తం నడిచిపోయింది.

నా ఉద్యోగం దీనికి సరిగ్గా తలకిందులు. బస్టాండులో విచారణ కిటికీ వెనక కూర్చునేదాన్ని. ఏ బస్సు ఎక్కడ ఆగుతుంది, ఎప్పుడొస్తుంది, మరుగుదొడ్డి ఎటు, తప్పిపోయిన పిల్లాడు ఎటు అని జనం అడగడం, నేను చెప్పడం. గోడ మీద ఇంతింత అక్షరాలతో రాసి ఉన్నదాన్నే మళ్ళీ మళ్ళీ అడిగేవాళ్ళని చూసీ చూసీ, అడగడమంటేనే నాకు ఒళ్ళుమంట పుట్టింది. చచ్చినా ఎవర్నీ దారి అడగనని ఒట్టు పెట్టుకున్నాను. అలా చెప్పని మొగుడూ అడగని పెళ్ళామూ ఒకే కప్పు కింద పడ్డాం. మా అమ్మాయి మాట్లాడడం ఎవరి దగ్గర నేర్చుకుందో నాకిప్పటికీ ఆశ్చర్యమే.

వయసులో ఉండగా నేనూ లైసెన్సుకి వెళ్ళాను. పక్క సీట్లో మా ఆయనే. మొగుడే కదా అన్న ధీమాతో వెళ్ళాను చూడండి, నా అంత తెలివైనది ఇంకొకతె పుట్టి ఉండదు. "అద్దం చూడకుండా పక్కకి తీశావు" అని ఫెయిల్ చేశారు. సాయంత్రం ఇంటికొచ్చి ఏమీ జరగనట్టు టీ అడిగారు. ఇచ్చాను. ఆ తర్వాత మళ్ళీ స్టీరింగు ముట్టుకోలేదు.

సరే, రిటైరయ్యారు కదా. ఆ వానాకాలమంతా వరండాలో కూర్చుని వీధిలో పోయే బండ్లన్నిటినీ ఒక్కటి మిగల్చకుండా ఫెయిల్ చేశారు. చలి మొదలయ్యేసరికి తలుపు చెక్కలకి భుజాలు కొట్టుకోవడం మొదలుపెట్టారు. ఒకరోజు నేను పక్కనే నిలబడి ఉంటే, ఎక్కడున్నావంటూ ఇంటి కప్పు ఎగిరిపోయేలా నన్నే పిలిచారు.

కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. "ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది. పక్కచూపు పోయింది. ఇక తిరిగి రాదు, బండి నడపొద్దు" అన్నాడాయన. పెళ్ళయినప్పటినుంచీ పక్కచూపులు చూసి ఎరగని మనిషికి పక్కచూపు పోవడమేమిటో, దేవుడి లెక్కలు దేవుడికే తెలియాలి. ఇంటికొచ్చాక ఆయన కారు తాళం మేకుకి తగిలించి, చాలాసేపు దాని ముందే నిలబడ్డారు. "భోజనానికి రండి" అన్నాను.

ఆయన బెంగ కారు గురించి కాదు. ఆయనకో అక్క ఉంది. తల్లి చిన్నప్పుడే పోతే ఈయన్ని చంకనేసుకుని పెంచిన మనిషి. వేరే ఊళ్ళో కొడుకు దగ్గర ఉంటుంది. ప్రతి నెలా కారేసుకుని వెళ్ళి చూసొచ్చేవారు. ఆ ఇంట్లో మాత్రం ఈయనకి నోరొచ్చేది. అక్కాతమ్ముళ్ళు కూర్చుంటే నవ్వులూ కబుర్లూ దంచేవారు. పక్క గదిలోంచి ఆ గొంతు విని, ఎవరో చుట్టాలొచ్చారనుకునేదాన్ని. ఆ చలికాలంలోనే వదిన గుండె బాగా నీరసించిందని కబురొచ్చింది. బస్సులో వెళ్దామంటే రెండు బస్సులు మారాలి, ఆ మెట్లు ఈయనకి కనపడవు. ఒక పొద్దున మేకు మీది తాళం తీసుకొచ్చి, నేను కూరగాయలు తరుగుతున్న బల్ల మీద పెట్టారు. మాట లేదు, పలుకు లేదు. ఆయన భాషలో అది కాళ్ళు పట్టుకోవడమే.

నేర్చుకున్నాను. డ్రైవింగ్ స్కూల్లో తోటి విద్యార్థులందరూ మా మనవరాలికి అన్నయ్యల్లా ఉన్నారు. పరీక్ష పెట్టింది ఈయన కింద పనిచేసిన కుర్రాడే. వాడూ గురువుని మించిన శిష్యుడు, దగ్గడానికి కూడా నోరు తెరవలేదు. పాసయ్యానని చెప్తే మా ఆయన అడిగింది ఒకటే ప్రశ్న.

"అద్దం చూశావా?"

"చూశాను. నా మొహం ఇంకా బాగానే ఉంది" అన్నాను.

ఎండాకాలమంతా తిరిగాం. అమ్మాయి "ఇక్కడికొచ్చి కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోండి" అని పిలిచి, పిల్లల్ని మాకప్పగించి, మొగుడితో కలిసి తను విశ్రాంతి తీసుకుంది. "నాన్న పక్కన కూర్చుని సలహాలిచ్చి విసిగిస్తున్నారా?" అని అడిగింది. శవాన్ని ఎక్కించుకున్నా కాస్త కబుర్లు వినపడేవని చెప్పాను. అక్కణ్ణించి సముద్రం చూడ్డానికి వెళ్ళాం. ఈయన దాన్ని కూడా ఉలుకూ పలుకూ లేకుండా చూశారు. ఆ వాలకం చూస్తే సముద్రం కూడా ఫెయిలయినట్టే ఉంది.

నెలనెలా వదిన దగ్గరికి వెళ్తూనే ఉన్నాం. ఒకసారి దారంతా కాలిన రబ్బరు వాసన. వాళ్ళ గుమ్మం ముందు దిగాక, "హ్యాండ్ బ్రేకు పూర్తిగా తియ్యలేదు" అన్నారు. వదిన మంచం మీదే పొట్ట పట్టుకుని నవ్వింది. "వీడు నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయనుకుంటాడే పిల్లా! నీ ఓపికకి దండం పెట్టాలి" అంది. నాకు ఆవిడంటే ప్రాణం. ఆయన్ని ఆడిపోసుకోవడానికి నాకు లోకంలో ఉన్న ఒకే ఒక్క తోడు ఆవిడ.

మళ్ళీ వానలు పట్టాయి. ఒక ఉదయం మేనల్లుడు ఫోన్ చేశాడు. "అత్తయ్యా, డాక్టరు ఇక ఆశ లేదన్నారు. అమ్మకి తెలివుంది. మామయ్య కావాలంటోంది. వెంటనే రండి."

ఈయన చెప్పులు కుడీ ఎడమా చూసుకోకుండా వేసుకుని కార్లో కూర్చున్నారు. బయలుదేరాం. వంతెన దాటాక రోడ్డు రెండుగా చీలింది. ఒకటి ఎప్పుడూ వెళ్ళేది, రెండోది కొత్తగా తెరిచిన బైపాస్. ముందద్దం నిండా వాన, పక్కన లారీల తొందర. వెడల్పుగా కనపడిన దాంట్లోకి పోనిచ్చాను. ఈయన సీట్లో ఒకసారి కదిలారు. అంతే.

కొంతదూరం పోయాక, రావలసిన సిమెంటు ఫ్యాక్టరీ గొట్టం రాలేదు. ఈయన వంక చూశాను. ముందుకే చూస్తున్నారు. తప్పయితే చెప్తారు కదా అనుకున్నాను. ఎంత నమ్మకమో చూడండి, ఇన్నేళ్ళు కాపురం చేశాక కూడా! రోడ్డు పక్కన టీ కొట్టు, అందులో మనుషులు. ఆపి అడగొచ్చు. అడగలేదు. ఇంకోటి వచ్చింది, అక్కడా అడగలేదు. చివరికి ఎవరికీ సంబంధంలేని ఊరి బోర్డు ఎదురొచ్చి, అదే చెప్పింది. వెనక్కి తిప్పుకుని, చీలిక దాకా వచ్చి, వెళ్ళేసరికి వాళ్ళ గుమ్మంలో చెప్పులు గుంపుగా ఉన్నాయి.

"ఇప్పుడే అత్తయ్యా, ఇప్పుడే" అన్నాడు మేనల్లుడు. "వస్తున్నారు, వచ్చేస్తున్నారని చెప్తూనే ఉన్నాను. 'వాడొస్తే లేపు' అని కళ్ళు మూసుకుంది."

ఈయన వెళ్ళి మంచం పక్కన కూర్చున్నారు. ఏడవలేదు. మాట్లాడలేదు. ఆ ఇంట్లో కూడా మాట్లాడని ఆయన్ని చూడడం నాకు అదే మొదటిసారి. ఆయన వంతు ఏడుపు కూడా నేనే ఏడ్చాను.

వచ్చినవాళ్ళందరూ వెళ్ళిపోయి ఇల్లు ఖాళీ అయిన ఓ మధ్యాహ్నం, పెరట్లో ఆయన ఎదురుగా నిలబడ్డాను.

"వంతెన దగ్గర నేను తప్పు దారి పట్టడం చూశారా?"

"చూశాను."

"మరి నోరేమైంది?"

'నువ్వే చూసుకుంటావనుకున్నా' అని ఉంటే ఆ రోజు నిజంగా చీపురు తిరగేసేదాన్ని. అలా అనలేదు. నేల వంక చూస్తూ, "చెప్తే బండాపి దిగిపోతావని భయమేసింది" అన్నారు. "ఒక్కసారి తప్పు ఎత్తిచూపినందుకు ఇన్నేళ్ళు స్టీరింగు ముట్టుకోలేదు నువ్వు. నడిరోడ్డు మీద దిగిపోతే నాకా కళ్ళు లేవు. అక్క దగ్గరికి ఎలా వెళ్ళేది?"

నోటిదాకా వచ్చిన తిట్లన్నీ అక్కడే ఆగిపోయాయి. ఈ మనిషికి భయముంటుందని ఇన్నేళ్ళలో ఎవరూ నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు. కోపం పోయిందా అంటే పోలేదు, ఇద్దరి మీదికీ సమానంగా మళ్ళింది. నేను అడిగి ఉన్నా, ఆయన చెప్పి ఉన్నా, వదిన తమ్ముణ్ణి చూసుకుని పోయేది.

మర్నాడు ఇంటికి బయలుదేరాం. మళ్ళీ వానే. ఊరు దాటాక పక్కనుంచి "గతుకు" అని వినిపించింది. గతుకు దాటిపోయాకే అన్నారు, కానీ అన్నారు. నేను ఉలిక్కిపడి రోడ్డు దిగబోయాను. ఇక ఆగలేదు. "లారీ వస్తోంది." "గుంత." "అదిగో కుక్క." అది కుక్క కాదు, సంచి. అయినా సంచికి కూడా దారిచ్చి పక్కనుంచి పోనిచ్చాను.

మరికొంత దూరంలో, "ఇక్కడ ఎడమకి తిప్పు" అన్నారు.

ఎడమకి మా దారి కాదు. అది రాళ్ళ క్వారీకి పోయే మట్టిబాట. బోర్డు ఆయన చూపందని వైపు ఉంది. 'కాదండీ' అంటే సరిపోతుంది. కానీ ఆ మాట అన్నానంటే, ఈ నోరు ఈ జన్మకి మళ్ళీ తెరుచుకోదు. ఎడమకి తిప్పాను. బురదలో ఊగుతూ తూగుతూ పోయి పోయి, తాళం వేసిన గేటు ముందు బాట అయిపోయింది. ఇంజను ఆపాను.

ఆయన గేటు వంక చూశారు. "తప్పు చెప్పానా?"

"తప్పే."

"తెలిసే తిప్పావా?"

"తెలిసే."

"మరి చెప్పలేదేం?"

అడిగాక ఆయనకే నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలో ఏడుపయిపోయింది. ఇన్ని రోజులూ చుక్క రాలని కళ్ళు ఒక్కసారిగా కట్టలు తెంచుకున్నాయి. "వాడొస్తే లేపమందే, వాడొస్తే లేపమందే" అంటూ రెండు చేతుల్లో మొహం పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. నేను వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాను.

కాసేపయ్యాక కళ్ళు తుడుచుకుని తలుపు తీశారు. "బాట ఇరుకు. వెనక్కి తియ్యాలంటే ఎవరో ఒకరు చూడాలి" అంటూ వానలోకి దిగారు. పక్కచూపు లేని మనిషి, తడుముకుంటూ కారు వెనక్కి వెళ్ళి, రెండు చేతులూ ఊపుతూ గొంతు చించుకున్నారు.

"రానీ! రానీ! ఇంకా రానీ!"

ఓ పక్కగా సర్వే రాయి ఒకటి పాతి ఉంది. నాకు అద్దంలో బాగానే కనిపిస్తోంది. ఆయనకి కనిపించదు. రమ్మన్నారు కదా అని వచ్చాను. ధడేల్మంది.

"ఆపు!" అన్నారు.