ఆవకాయ వైపు చూడండి

నేను ఒక చేతి మైకుని. ఆ శుభవార్త వచ్చేసరికి నా గొట్టం నిండా వెల్లుల్లిపాయలున్నాయి.

నవ్వకండి. పెళ్లయి డెబ్బై రోజులైన జంట వంటింట్లో ప్రతి వస్తువుకీ రెండేసి ఉద్యోగాలుంటాయి. టీ వడగట్టే జాలీతోనే అప్పడాలు తీస్తారు. పెళ్లికి వచ్చిన తొమ్మిది గోడ గడియారాల్లో ఒకటి బియ్యం డబ్బా మీద మూతగా ఉంటోంది, టిక్కుటిక్కుమంటూనే. నన్ను నోరు పైకి పెట్టి అలమరలో నిలబెట్టి వెల్లుల్లి పోశారు. మాట్లాడటానికి పుట్టినదాని నోట్లో వెల్లుల్లి కుక్కితే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఆ ఉదయం ఇందుమతి పప్పులో పోపు పెడుతూ ఫోన్ చూసింది. చూసి, గరిటె వదిలేసింది. నన్ను లాగి, వెల్లుల్లి గచ్చు మీద బోర్లించి, మీట నొక్కి అరిచింది.

"ఏమండీ! నన్ను తీసుకున్నారండీ!"

మామూలుగా ఆ అమ్మాయి మొగుణ్ణి శశాంక్ అనే పిలుస్తుంది. 'ఏమండీ' అనేది అత్తగారు ఇంట్లో ఉన్నప్పుడో, సంతోషం పట్టలేనప్పుడో మాత్రమే. శశాంక్ సగం గడ్డం గీసుకుని, సగం నురగతో పరిగెత్తుకొచ్చాడు. పై వాటా నుంచి ఇంటిగలావిడ తొంగి చూసి, "ఎవరు తీసుకున్నారమ్మా? ఏం తీసుకున్నారు? పోలీసులకి ఫోన్ చెయ్యనా?" అంది.

దొంగలు కాదు. తీసుకున్నది 'కడలి నేస్తాలు' అనే బృందం. భీమిలి తీరంలో డాల్ఫిన్లను చూపించే పడవల మీద స్వచ్ఛందంగా గైడుగా ఉండి, వచ్చినవాళ్లకి ఆ జీవుల గురించి నాలుగు ముక్కలు చెప్పాలి. వాటిని ఎవరూ హడలగొట్టకుండా చూడాలి. జీతం లేదు. ఒక నీలం టోపీ ఇస్తారు. ఆ టోపీ కోసం జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసిన మనిషి వంటింట్లో గెంతిన గెంతులు నేను కళ్లారా చూశాను. పోపు మాడిపోయింది. ఇద్దరూ ఆ మాడు పప్పే నవ్వుతూ తిన్నారు.

అయితే ఒక షరతు ఉంది. ముందు మూడు ట్రిప్పులు పరీక్ష. మూడోది అయ్యాక పడవ నడిపే సరంగు 'ఉండనీండి' అంటే టోపీ శాశ్వతం. 'వద్దు' అంటే తిరిగిచ్చెయ్యాలి.

ఇంతకీ నేను ఆ వంటింట్లోకి ఎలా వచ్చానో చెప్పాలి కదా. ఎక్కడో ఉత్తరాదిన ఒక రేకుల షెడ్డులో, నాలాంటి రెండు వందల గొట్టాల మధ్య పుట్టాను. నా మొదటి యజమాని వార్డు ఎన్నికల్లో నిలబడ్డాడు. పదిహేను రోజులపాటు నా చేత ఏవేవో హామీలు ఇప్పించాడు. ఓడిపోయాడు. ఆ హామీలేవీ తీర్చక్కర్లేకుండా పోయినందుకు నేను లోలోపల ఊపిరి పీల్చుకున్నాను.

తర్వాత నన్ను కేటరింగు భాస్కరం గారు కొన్నారు. పెళ్లి పంక్తుల మధ్య నిలబడి వడ్డించేవాళ్లని నడిపించడం ఆయన పని. "మూడో వరసకి పప్పు వెళ్లలేదు! ఆవకాయ ఎడమ పక్కనయ్యా, ఎడమ పక్కన! కూర కుడి పక్క!" ఆయన దృష్టిలో ఆవకాయ కుడి పక్కన పడిన ఆకు అపచారం. మూడేళ్లు ఆయన చేతిలో ఉండి ఒక విషయం గ్రహించాను. తాళి కట్టేటప్పుడు కూడా కిక్కురుమనని మనుషులు పెరుగు ఆలస్యమైతే మాత్రం మండపం ఎగిరిపోయేలా అరుస్తారు.

ఇందుమతి పెళ్లి భోజనాలు కూడా ఆయనవే. పంక్తిలో కొత్త మొగుడి పక్కన కూర్చున్న పెళ్లికూతురు, ఆయన అటు తిరిగిన క్షణంలో నన్ను అందుకుని, "మా వారికి ఇంకో రెండు బూరెలు!" అని హాలు దద్దరిల్లేలా కేక పెట్టింది. శశాంక్ సిగ్గుతో ఆకులో తల దూర్చాడు. భాస్కరం గారు పొట్ట పట్టుకుని నవ్వి, "నీ గొంతుకి ఇది సరిగ్గా సరిపోయిందమ్మా, నా చదివింపు అనుకో," అని నన్ను ఇచ్చేశారు. ఆ తర్వాత వెల్లుల్లి. మిగతాది మీకు తెలుసు.

మొదటి ట్రిప్పు రోజు కొత్త టోపీ, కొత్త బ్యాటరీలు. మా పడవ సరంగు మైలపల్లి ఎల్లాజీ. పదహారో ఏటి నుంచి సముద్రం మీదే ఉన్న మనిషి. నన్నూ, టోపీనీ, ఇందుమతినీ ఆ వరసలోనే ఎగాదిగా చూసి, "డాల్ఫినుకి మైకు ఏటమ్మా? మీటింగా?" అన్నాడు. శశాంక్ కూడా టికెట్టు కొనుక్కుని ఎక్కాడు. పాపం అతనికి పడవ పడదు. ఐదో నిమిషానికి మొహం పాలిపోతుంది. జేబులోంచి నిమ్మకాయ తీసి వాసన చూసుకుంటూ, భార్య ఏం చెప్పినా తల ఊపుతూ, వెనక ఇంజను దగ్గర కూర్చుంటాడు.

డాల్ఫిను కనపడగానే దిక్కు ఎలా చెప్పాలో శిక్షణ కాగితంలో ఉంది. పడవ ముక్కు పన్నెండు గంటలు, కుడి పక్క మూడు, ఎడమ పక్క తొమ్మిది. ఇందుమతికి ఎడమ వైపు ఒక రెక్క మెరిసింది. నాలోంచి హుషారుగా, "పది గంటలకి డాల్ఫిన్! పది గంటలకి డాల్ఫిన్!" అంది.

ముప్పై మందీ చేతి గడియారాలు చూసుకున్నారు.

"ఇప్పుడు ఏడున్నరే కదమ్మా," అన్నాడు ఒక పెద్దమనిషి. "పది దాకా ఇక్కడే ఉంచుతారా? టిఫిను కూడా చెయ్యలేదు."

అతనికి గడియారం లెక్క విడమరిచి చెప్పేలోగా డాల్ఫిను వచ్చింది, ఎగిరింది, వెళ్లిపోయింది. ఎల్లాజీ తిట్టలేదు. నవ్వాడు. అది ఇంకా అన్యాయం.

ఆ సాయంత్రం భోజనానికి కూర్చుని ఇందుమతి కంచం వైపు అదే పనిగా చూసింది. తర్వాత నా వైపు చూసింది. "శశాంక్, భాస్కరం గారు ఎలా అరిచేవారు? ఆవకాయ ఎడమ పక్కన, అవునా?" అంది. ఇన్నాళ్ల నా చదువు ఎవరికో పనికొచ్చిందని నాకు గర్వంగా అనిపించింది.

రెండో ట్రిప్పులో పడవ కదలగానే ప్రకటించింది. "ఈ పడవ అరిటాకు అనుకోండి. ముక్కు దగ్గర పప్పు. ఎడమ పక్క ఆవకాయ. కుడి పక్క కూర. వెనక మా ఆయన కూర్చున్న చోట పెరుగు." జనం పడీ పడీ నవ్వారు. కానీ "ఆవకాయ వైపు!" అనగానే ఒక్క తల కూడా తప్పు దారి తిరగలేదు. రెండు డాల్ఫిన్లు కనపడ్డాయి. కనపడగానే "దగ్గరికి పోనియ్యండి, దగ్గరికి!" అని అందరూ ఒక్కటే గోల. ఇందుమతి వద్దని మొత్తుకుంటున్నా ఎల్లాజీ ఇంజను పెంచి వాటి వెంట పడ్డాడు. అవి మునిగాయి. మళ్లీ తేలలేదు. అరగంట తిరిగి ఖాళీ సముద్రం చూసి ఒడ్డుకొచ్చాం. దిగేవాళ్లు మొహాలు మాడ్చుకున్నారు.

"నువ్వు ఒద్దంటావు, ఆళ్లు పోనియ్యంటారు. నానెవరి మాట ఇనాలి?" అన్నాడు ఎల్లాజీ. "ఇలాగైతే జనం పక్క పడవ ఎక్కుతారు తల్లీ. ఇంకొక్క ట్రిప్పు సూస్తాను."

ఇందుమతి ఆ రోజు ఇంటికెళ్లే దాకా టోపీ తియ్యలేదు. తీస్తే ఇచ్చెయ్యాల్సొస్తుందేమో అన్నట్టు.

మూడో ట్రిప్పుకి అనకాపల్లి నుంచి ఒక్క కుటుంబమే ఇరవై ఆరు మంది దిగారు. అందరికీ పెద్ద వరహాలమ్మ గారు. మడమల దాకా చీర, దాని మీద నారింజ రంగు లైఫు జాకెట్టు, చేతిలో జంతికల డబ్బా. ఆకు లెక్క వినగానే ఆవిడ చెయ్యెత్తింది.

"ఇదిగో అమ్మాయ్, మా ఇంట ఆవకాయ కుడి పక్కనే ఏస్తాం."

"అత్తా, నువ్వు ఎడమ చేతివాటం కాబట్టి నీకలాగ," అంది కోడలు.

"నోర్ముయ్యే. మా అమ్మ కూడా కుడి పక్కనే ఏసేది."

సరిగ్గా అప్పుడే నీళ్లలో బూడిదరంగు వీపు ఒకటి తేలింది. "ఆవకాయ!" అని నేను అరిచాను. సగం మంది ఎడమ పక్కకి, వరహాలమ్మ గారి మాట దాటలేని సగం మంది కుడి పక్కకి లేచారు. పడవ ఒకసారి అటూ ఒకసారి ఇటూ ఊగింది. జంతికలు సగం సముద్రం పాలయ్యాయి. శశాంక్ నిమ్మకాయ కూడా.

"కూకోండి! అందరూ కూకోండి!" ఎల్లాజీ గర్జించాడు. కూర్చున్నారు. డాల్ఫిను మాయం. "అదిగో దూరంగా! ఇంజను పెంచవయ్యా, ఎంబడించు!" అని వరహాలమ్మ గారి అల్లుడు హుకుం వేశాడు. ఎల్లాజీ చెయ్యి ఇంజను మీదికి పోయింది.

ఇందుమతి అల్లుణ్ణి పలకరించలేదు. సూటిగా పెద్దావిడనే అడిగింది.

"మామ్మగారూ, ఒక్క మాట. పంక్తిలో కూర్చున్నవాళ్లు లేచి, వడ్డించేవాళ్ల వెనక ఆకు పట్టుకుని పరిగెడతారా?"

"ఛీ ఛీ. పరువుండొద్దూ? కూకుంటే ఆళ్లే ఒస్తారు."

"ఇక్కడా అంతేనండీ. మన ఇంజను వాటి చెవుల్లో పిడుగు. వెంట పడితే పిల్లల్ని తీసుకుని పారిపోతాయి. ఆకు ముందు కూర్చుందాం. వస్తే వస్తాయి."

వరహాలమ్మ గారు ఆలోచించింది. అల్లుడి వైపు తిరిగి, "బాబూ, కూకో," అంది. ఆ కుటుంబంలో అంతకు మించిన చట్టం లేదు.

"పావుగంట," అన్నాడు ఎల్లాజీ. ఇంజను ఆపాడు.

అప్పుడు ఇందుమతి నా మీట కూడా ఆపేసింది.

నాకు మొదట కోపం వచ్చింది. పరీక్ష ఆఖరి ఘట్టంలో మైకుని నోరు మూసుకోమంటారా? కానీ ఆ నిశ్శబ్దంలో నేను ఎప్పుడూ వినని సంగతులు వినపడ్డాయి. పడవ అంచుకి నీళ్లు తగిలే చప్పుడు. ఎవరో జంతిక ముక్క మెల్లగా కొరికిన చప్పుడు. ఐదు నిమిషాలు. పది. అల్లుడు గడియారం చూశాడు. ఎల్లాజీ గడ్డం గోక్కున్నాడు. శశాంక్ మొహం పాలిపోయే ఉంది, అయినా లేచొచ్చి భార్య పక్కన నిలబడ్డాడు.

పన్నెండో నిమిషంలో, 'ఫుస్' అని ఎవరో ఊపిరి వదిలారు. మనిషి ఊపిరి కాదు.

వెనక నుంచి వచ్చాయి. ఒకటి, రెండు, నాలుగు. ఆఖరిదాని పక్కన బారెడు పిల్ల, అమ్మ వీపుని ఆనుకుని. పడవ చుట్టూ ఒక చుట్టు తిరిగాయి. ఎవరూ అరవలేదు. లేవలేదు. పిల్ల ఒకసారి సగం పైకి లేచి, పడవలో ఏముందా అన్నట్టు చూసి మునిగింది. వరహాలమ్మ గారి చెంపల మీద నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడం మర్చిపోయింది. ఇందుమతి నాలుగు ముక్కలు చెప్పాల్సిన మనిషి. ఒక్క ముక్క కూడా చెప్పలేదు. చెప్పాల్సినదేమీ మిగల్లేదు.

"ముప్పయ్యేళ్లబట్టి నానే ఈటి ఎనక తిరిగేను," అన్నాడు ఎల్లాజీ గుసగుసగా. "ఇయ్యి నా ఎనక రావడం ఇదే సూడ్డం."

ఒడ్డుకొచ్చాక అల్లుడు ఎవరికో ఫోన్లో ఇంజను తనే ఆపించినట్టు వర్ణిస్తున్నాడు. మనుషులంతే. ఇందుమతి టోపీ తీసి చేత్తో పట్టుకుని ఎల్లాజీ ముందు నిలబడింది. అతను టోపీ వైపు చూడలేదు. నా కోసం చెయ్యి చాపాడు. కాస్త తటపటాయించి మీట నొక్కి, రేవులో నిలబడ్డ జనం వైపు తిరిగాడు.

"ఇనండి! రేపు పొద్దున్న ఆరున్నరకి డాల్ఫిన్ల పడవ. ఇందుమతమ్మ గోరు గైడు. నడిసంద్రంలో ఇంజను ఆపీసి కూకుంటాం. కదలకుండా కూకోగలిగినోళ్లే రండి!"